ఆ నంబర్ ఎక్కడ్నుంచి వచ్చింది? తొమ్మిదేళ్ళు కెమిస్ట్రీ సైట్లు వాడాక నా రివ్యూ

బెంజాల్డిహైడ్ 62 డిగ్రీలకే మరుగుతుందని నమ్మి, ఆయిల్ బాత్ 90 దాకా పెట్టి, ఒక్క చుక్క కూడా పడక గంటన్నర సేపు ఫ్లాస్క్ వంక చూస్తూ కూర్చున్న ఘనత నాది. సీసా పాతదైపోయి మూత చుట్టూ తెల్లగా బెంజోయిక్ యాసిడ్ పేరుకుంది కదా, ఒకసారి డిస్టిల్ చేసి వాడదాం అనుకున్నా, ఏదో డేటా సైట్‌లో చూస్తే 62 అని ఉంది, అంతే, ఇంకేం ఆలోచించలేదు. సీనియర్ వచ్చి "వాక్యూమ్ ఏదీ?" అని అడిగాక గానీ వెలగలేదు, ఆ 62 అనేది 10 మిల్లీమీటర్ల (పాదరసం) ప్రెజర్ దగ్గరి, అంటే గాలి చాలావరకు లాగేశాక వచ్చే లెక్క, మామూలు ప్రెజర్‌లో అయితే 178, 179 దాకా పోవాలి. ఆ సైట్‌లో ప్రెజర్ మాటే లేదు. ల్యాబ్ మాత్రం బాదం వాసనతో ఘుమఘుమలాడింది.

అప్పట్నుంచి ఏ సైట్ అయినా నేను చూసేది ఒకటే, ఇక్కడున్న నంబర్ ఎవరు కొలిచారు, ఏ కండిషన్లలో కొలిచారు అనేది చెప్తుందా లేదా. డిగ్రీలో ఉన్నప్పుడు మొదలుపెట్టి ఇప్పుడు రీసెర్చ్ దాకా తొమ్మిదేళ్ళుగా వాడుతున్నవాటి గురించి రాస్తున్నా, నాకు పనికిరానివి వదిలేశా, కాబట్టి మీ ఫేవరెట్ సైట్ లేకపోతే తిట్టుకోకండి.

ఎక్కువ వాడేది పబ్‌కెమ్. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వాళ్ళ కెమికల్ డేటాబేస్, 2004లో మొదలైంది, ఇప్పుడు 10 కోట్లకి పైగా కాంపౌండ్లు ఉన్నాయి. కొత్తవాళ్ళు అందరూ తడబడేది ఒకచోటే, కాంపౌండ్ వేరు, సబ్‌స్టెన్స్ వేరు. ఎవరెవరో ఇచ్చిన రికార్డు ఇచ్చినట్టే పెట్టేది సబ్‌స్టెన్స్, వాటన్నిట్నీ శుభ్రం చేసి ఒక స్ట్రక్చర్‌కి ఒక పేజీ అని కలిపేది కాంపౌండ్. ఆస్పిరిన్ కాంపౌండ్ నంబర్ 2244, ఆ ఒక్క పేజీ తెరిచి మెల్టింగ్ పాయింట్ దగ్గరికి వెళ్ళండి, ఒకచోట 135 అని, ఇంకోచోట 275 అని ఉంటుంది, కంగారు పడొద్దు, రెండోది ఫారెన్‌హీట్. నాకు నచ్చింది కూడా అదే, ప్రతి విలువ కింద అది ఎక్కడ్నుంచి తెచ్చారో ఉంటుంది, తేడాలుంటే దాచకుండా అన్నీ వరసగా పెడతారు. సేఫ్టీ దగ్గర కూడా అంతే, ఫలానా హెచ్చరిక ఎంత శాతం కంపెనీలు ఇచ్చాయో చూపిస్తుంది, అంటే అందరూ ఒకే మాట చెప్పట్లేదని అక్కడే తెలిసిపోతుంది. ఒక్క జాగ్రత్త, అందులో తిప్పి చూసుకునే త్రీడీ బొమ్మ కంప్యూటర్ లెక్కేసి గీసింది, ప్రయోగంలో కనిపెట్టింది కాదు. నేను మొదట్లో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి సెమినార్‌లో "ఇదీ దీని అసలు షేప్" అని పెట్టా, ఎవరూ అడగలేదు కాబట్టి బతికిపోయా. నిజంగా కొలిచిన స్ట్రక్చర్ కావాలంటే కేంబ్రిడ్జ్ వాళ్ళ క్రిస్టల్ డేటాబేస్ ఉంది, 1965 నుంచి కూడబెడుతున్నారు, 2019లో 10 లక్షలు దాటింది, పేపర్‌లో ఇచ్చిన డిపాజిషన్ నంబర్ కొడితే ఆ ఫైల్ ఫ్రీగానే ఇస్తారు.

ఒకేసారి వెయ్యి కాంపౌండ్ల డేటా కావాలంటే పబ్‌కెమ్‌ని చిన్న పైథాన్ కోడ్‌తో కూడా అడగొచ్చు, కాకపోతే సెకనుకి 5 రిక్వెస్టులు దాటొద్దని రూల్. నేను లూప్ మధ్యలో గ్యాప్ పెట్టడం మర్చిపోయి రన్ చేసి టీకి వెళ్ళా, వచ్చేసరికి సగం ఫైల్ అంతా ఎర్రర్లే. తప్పు నాదే.

పేర్లతో వెతకడం మానేయండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. ఒక్కో కెమికల్‌కి ఇరవై పేర్లు, అందులో సగం పాతవి, ఒక్క హైఫన్ మారితే ఇంకోటి వస్తుంది. క్యాస్ నంబర్ (ఒక్కో పదార్థానికి ఇచ్చే గుర్తింపు నంబర్) వాడండి, దానికి క్యాస్ కామన్ కెమిస్ట్రీ అని ఫ్రీ సైట్ ఉంది, సుమారు 5 లక్షల పదార్థాలు, సాధారణంగా మనకి కావాల్సినవి దాదాపు అన్నీ ఉంటాయి. ఇంకో చిన్న కిటుకు, క్యాస్ నంబర్‌లో చివరి అంకె చెకింగ్ కోసమే. నీళ్ళది 7732-18-5, చివరి 5 పక్కన పెట్టి మిగతావాటిని కుడి నుంచి ఎడమకి 1, 2, 3 అని గుణించుకుంటూ పోతే 8, 2, 6, 12, 35, 42 వస్తాయి, కలిపితే 105, చివరి అంకె 5, సరిపోయింది. ఆర్డర్ షీట్‌లో ఎవరో టైప్ చేసిన నంబర్ తప్పని నేను ఇలాగే రెండుసార్లు పట్టుకున్నా. ఇంచీకీ అనేది ఇంకా మంచిది, అణువు స్ట్రక్చర్ నుంచి తయారయ్యే 27 క్యారెక్టర్ల కోడ్, మొదటి 14 అక్షరాలు అణువులో ఏది దేనికి అంటుకుందో చెప్తాయి, కుడి ఎడమ తేడా లాంటి స్టీరియో సంగతి తర్వాతి ముక్కలో ఉంటుంది. కాబట్టి మొదటి 14 అక్షరాలు మాత్రమే సెర్చ్‌లో పెడితే అన్ని స్టీరియో ఐసోమర్లూ ఒకేచోట దొరుకుతాయి, మొత్తం పెడితే మనకి కావాల్సింది ఒక్కటే వస్తుంది. ఈ ముక్క నాకు మూడేళ్ళు ఆలస్యంగా తెలిసింది.

స్పెక్ట్రాల (అణువుని గుర్తుపట్టడానికి తీసే గ్రాఫ్‌ల) సంగతికి వస్తే అమెరికా కొలతల సంస్థ నిస్ట్ వాళ్ళ వెబ్‌బుక్, జపాన్ వాళ్ళ ఎస్‌డీబీఎస్, రెండూ రెండు కళ్ళు. వెబ్‌బుక్ 1996 నుంచి ఉంది, బాయిలింగ్ పాయింట్ అడిగితే ఎవరెవరు ఎప్పుడు కొలిచారో పట్టిక వేసి, సగటు ఇచ్చి, ఎంత అటూ ఇటూ ఉండొచ్చో కూడా చెప్తుంది, నాలాంటి 62 డిగ్రీల బాధితులకి ఇంతకన్నా ఏం కావాలి. కానీ ఐఆర్ (అణువు ఏ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చుకుంటుందో చూపే స్పెక్ట్రమ్) చూసేటప్పుడు మాత్రం పైన సాంపుల్ ఏ స్థితిలో ఉందో చదవండి, చాలావరకు గ్యాస్‌గా ఉన్నప్పుడు తీసినవి. నేను తయారుచేసిన ఆల్కహాల్‌కి 3300 దగ్గర వెడల్పుగా బొజ్జలాంటి పీక్ వచ్చింది, వెబ్‌బుక్‌లో చూస్తే 3650 పైన సన్నగా సూదిలా ఉంది, నా రియాక్షన్ ఎక్కడో తేడా కొట్టిందనుకుని రెండు రోజులు తల పట్టుకున్నా. గ్యాస్‌లో అణువులు విడివిడిగా ఉంటాయి, ఒకదాన్నొకటి పట్టుకునే హైడ్రోజన్ బాండింగ్ ఉండదు, అందుకే అక్కడ పీక్ సన్నగా ఉంటుంది, లిక్విడ్‌లో వెడల్పవుతుంది, పాఠంలో చదివిందే, పరీక్షలో రాసిందే కూడా. అసిటోన్ కార్బొనిల్ కూడా లిక్విడ్‌లో 1715 అయితే గ్యాస్‌లో 1740 దగ్గరికి జరుగుతుంది. ఇంకో గుంట, టెంపరేచర్‌ని బట్టి ఆవిరి ప్రెజర్ లెక్కకట్టే ఆంట్వాన్ ఈక్వేషన్, వెబ్‌బుక్‌లో ప్రెజర్ బార్‌లో, టెంపరేచర్ కెల్విన్‌లో, చాలా పుస్తకాల్లో మిల్లీమీటర్లు, సెల్సియస్. ఇక్కడి ఏ, బీ, సీ స్థిరాంకాలు తీసుకెళ్ళి అక్కడి ఫార్ములాలో పెడితే వచ్చే ఆన్సర్ చూసి నవ్వుకోవాల్సిందే.

ఎస్‌డీబీఎస్ చూడ్డానికి పాతకాలం సైట్‌లా ఉంటుంది, లోపలికి వెళ్ళాలంటే ప్రతిసారీ షరతులు ఒప్పుకోవాలి, రోజుకి 50 స్పెక్ట్రాలకి మించి దించుకోవద్దంటారు. అయినా 30 వేలకి పైగా కాంపౌండ్లు, ఎన్ఎమ్ఆర్‌లో (అణువులోని హైడ్రోజన్ల లాంటివాటి చుట్టూ ఏముందో అయస్కాంతంతో చూసే పద్ధతి) ఏ పీక్ ఏ హైడ్రోజన్‌దో రాసి మరీ ఇస్తారు, ఐఆర్ అయితే కేబీఆర్ ఉప్పు బిళ్ళలో తీశారా, లిక్విడ్ ఫిల్మా అని కూడా ఉంటుంది. ఎన్ఎమ్ఆర్ నేర్చుకునేవాళ్ళకి నా సలహా, స్పెక్ట్రమ్ ముందు చూసి, జవాబు చెయ్యి అడ్డం పెట్టి, పీక్‌లు మీరే పేపర్ మీద పంచి, తర్వాత చెక్ చేసుకోండి. ఒక నెల చేశా అలా, అన్ని క్లాసులు కలిపి నేర్పనిది ఆ నెలలో వచ్చింది. ఇది చేసుంటే మొదటి ఏడాదే 1.26, 2.05, 4.12 దగ్గర వచ్చిన మూడు అందమైన పీక్‌లు చూసి కొత్త ప్రాడక్ట్ దొరికిందని గైడ్ దగ్గరికి పరిగెత్తేవాణ్ణి కాదు. అది శుద్ధి చేసే కాలమ్‌లో వాడిన సాల్వెంట్, ఇథైల్ ఎసిటేట్, సరిగ్గా ఎండబెట్టలేదంతే. ఏ సాల్వెంట్ మలినం ఎక్కడ పీక్ ఇస్తుందో పట్టిక వేసిన పేపర్లు రెండున్నాయి, 1997లో వచ్చింది ఒకటి, 2010లో ఇంకొకటి, ప్రింట్ తీసి బల్ల ముందు అంటించుకోండి, నాది పసుపు పచ్చగా అయిపోయింది కూడా.

ఇక నేర్చుకోవడానికి. ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చదు, వీడియోల వల్ల నాకు పెద్దగా ఒరిగింది లేదు. నాటింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్ళ పీరియాడిక్ వీడియోస్, 2008లో మొదలెట్టారు, ఒక్కో మూలకానికి ఒక్కో వీడియో, ప్రొఫెసర్ పొలియాకాఫ్ జుట్టు చూడ్డానికైనా చూడొచ్చు, ఆసక్తి పుట్టించడంలో వాటికి సాటి లేదు. కానీ రియాక్షన్ మెట్టుమెట్టుగా ఎలా జరుగుతుందో చెప్పే మెకానిజమ్ వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఆపేసి తెల్ల కాగితం మీద మనం గీద్దామంటే రెండో బాణం దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. చదివితేనే నాకు ఎక్కింది. జిమ్ క్లార్క్ అనే ఆయన రాసిన కెమ్‌గైడ్ ఉంది, రంగులు లేవు హంగులు లేవు, ఈ వివరణ ఇంతవరకే పనిచేస్తుంది, అసలు సంగతి ఇంకొంచెం లోతుగా ఉంటుంది అని నిజాయితీగా చెప్పేస్తాడు, ఆ గుణం నాకు చాలా ఇష్టం. ఆర్గానిక్‌కి మాస్టర్ ఆర్గానిక్ కెమిస్ట్రీ, "ఇలా జరుగుతుంది" దగ్గర ఆగకుండా "అలా ఎందుకు జరగదు" అని కూడా రాస్తారు. లిబ్రేటెక్స్ట్స్ పెద్ద సముద్రం, 2008లో యూసీ డేవిస్‌లో కెమ్‌వికీగా మొదలైంది, ఒకే టాపిక్ మీద ఐదు పేజీలుంటాయి, ఒకటి అద్భుతం, ఒకటి ఎవరో స్టూడెంట్ హోంవర్క్‌లా ఉంటుంది, ఏది దొరుకుతుందనేది మన అదృష్టం. పుస్తకం మొదట్నుంచి చివరిదాకా కావాలంటే మెక్‌మర్రీ ఆర్గానిక్ 2023 నుంచి ఓపెన్‌స్టాక్స్‌లో ఫ్రీగా ఉంది, ఇంకేం ఆలోచించకుండా దించుకోండి. సిమ్యులేషన్లకి ఫెట్, ఈక్విలిబ్రియమ్ అర్థం కానివాళ్ళు ఓ అరగంట ఆడుకోండి చాలు.

నేను మనస్ఫూర్తిగా ప్రేమించేది మాత్రం ఆర్గానిక్ సింథసిస్. 1921 నుంచి వస్తోంది, ఇప్పుడు మొత్తం ఆన్‌లైన్‌లో ఫ్రీ. ఎవరైనా ఒక ప్రొసీజర్ పంపితే ఎడిటర్లలో ఒకరి ల్యాబ్‌లో దాన్ని మళ్ళీ చేసి చూసి, వచ్చాకే అచ్చేస్తారు, మామూలు జర్నల్‌లో ఈ పని ఎవరూ చెయ్యరు. అసలు బంగారం కింద నోట్స్‌లో ఉంటుంది, ఈ రీఏజెంట్ ఏ గ్రేడ్ తెచ్చారు, ఇక్కడ రంగు ఎలా మారుతుంది, ఇక్కడ త్వరపడితే ఏమవుతుంది, ఇలాంటివన్నీ. పేపర్లలో "రియాక్షన్ జరిపి శుద్ధి చేశాం" అని ఒక్క లైన్‌లో తేల్చేసేదాన్ని వీళ్ళు రెండు పేజీలు రాస్తారు. నాకు నాలుగుసార్లు ఫెయిలైన రియాక్షన్ ఒకటి నోట్స్‌లో ఏడో పాయింట్ చదివాక అయిదోసారి వచ్చింది. కాకపోతే అన్ని రియాక్షన్లూ ఇక్కడ ఉండవు, మనకి కావాల్సింది ఉండదు, దగ్గరిది ఉంటుంది.

లిటరేచర్ వెతకడానికి యూనివర్సిటీలో ఉన్నంతకాలం సైఫైండర్, రియాక్సిస్ వాడా, స్ట్రక్చర్ గీసి "ఇది ఎలా చెయ్యాలి" అని అడగడంలో వాటికి ప్రత్యామ్నాయం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మధ్యలో ఏడాదిపాటు యాక్సెస్ పోయింది, అప్పుడు తెలిసింది బయట ఏమేం ఫ్రీగా ఉన్నాయో. గూగుల్ స్కాలర్ సరే అందరికీ తెలుసు, గూగుల్ పేటెంట్స్‌ని ఎవరూ పట్టించుకోరు, పేటెంట్ అడుగున ఎగ్జాంపుల్స్‌లో గ్రాములతో సహా ప్రొసీజర్, ఎన్ఎమ్ఆర్ డేటా అన్నీ ఉంటాయి. దాంట్లో మెలిక ఒకటుంది, అమెరికన్ పేటెంట్లలో అసలు చేయని ప్రయోగం కూడా రాయొచ్చు, కాకపోతే అలాంటిది జరిగినట్టు భూతకాలంలో రాయకూడదు, వర్తమానంలో రాస్తారు. కలిపాము, వేడిచేశాము అని ఉందా, కలుపుతారు, వేడిచేస్తారు అని ఉందా చూసుకోండి. కెమ్‌ఆర్కైవ్ 2017లో వచ్చింది, పీర్ రివ్యూ కాని, అంటే తోటి శాస్త్రవేత్తలు ఇంకా పరిశీలించని పేపర్లు, కొత్త ఐడియాల కోసం చదువుతా, నంబర్ల కోసం కాదు. రిఫరెన్సులన్నీ జొటెరోలో పెడితే, వాటిలో ఏదైనా పేపర్ వెనక్కి తీసుకుంటే ఎర్రగా హెచ్చరిక చూపిస్తుంది, నాకు ఒకసారి చూపించింది, థీసిస్ చాప్టర్‌లో ఒక పేరా మొత్తం కొట్టేయాల్సొచ్చింది.

ఏఐ చాట్‌బాట్ల గురించి అడుగుతారని తెలుసు. కాన్సెప్ట్ విడమర్చి చెప్పమంటే బాగానే చెప్తాయి, ఒకే ప్రశ్న పదిసార్లు అడిగినా విసుక్కోవు, మా సీనియర్లకి ఆ ఓపిక లేదు. కానీ రిఫరెన్స్ ఇమ్మంటే జర్నల్ పేరు, వాల్యూమ్, పేజీ అన్నీ వేసి ఒక డీఓఐ (పేపర్‌కి ఉండే శాశ్వత లింక్ నంబర్) ఇచ్చింది ఒకటి, క్లిక్ చేస్తే వేరే ఎవరిదో పేపర్, టైటిల్‌కి సంబంధమే లేదు. మెల్టింగ్ పాయింట్ అడిగితే తడుముకోకుండా చెప్పేస్తుంది, ఎక్కడ్నుంచి అంటే నీళ్ళు నములుతుంది. నాకు మళ్ళీ 62 డిగ్రీల రోజులు గుర్తొచ్చాయి.

ఇన్ని ఉన్నా ఒకటి మాత్రం ఎక్కడా సరిగ్గా దొరకదు, ఫెయిలైన రియాక్షన్లు. నేను నాలుగుసార్లు పోగొట్టుకున్నదాన్ని నాకన్నా ముందు ఎంతమంది పోగొట్టుకున్నారో, వాళ్ళలో ఎవరైనా "ఈ బేస్ పనిచెయ్యదు, టైమ్ వేస్ట్" అని ఒక్క లైన్ రాసుంటే నాకు మూడు వారాలు మిగిలేవి. పేపర్లలో వచ్చింది మాత్రమే రాస్తారు, రానిది ల్యాబ్ నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది, నాది కూడా బీరువాలో అట్టపెట్టెలో ఉంది, మొత్తం ఆరు నోట్‌బుక్‌లు.