రక్తం గడ్డకట్టింది, స్ట్రోక్, హెమరేజ్: ఏ మాట ఎప్పుడు మేలు?

బైక్ మీంచి పడి తలకు దెబ్బ తగిలినా, బీపీ పెరిగి ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయినా మనవాళ్లు అనేది ఒకటే, "మెదడులో రక్తం గడ్డకట్టిందట". నన్నడిగితే ఈ మాటల్లో అన్నిటికంటే ప్రమాదం దీనితోనే. రక్తనాళం లోపల గడ్డ అడ్డుపడి మెదడుకు రక్తం అందకపోయినా ఇదే అంటాం, నాళం చిట్లి బయటికొచ్చిన రక్తం పుర్రెలో పేరుకుపోయినా ఇదే అంటాం. వైద్యం మాత్రం రెండింటికీ పూర్తిగా వేరు. అడ్డుపడితే, తగినవాళ్లకి నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు, అదే ఇంజెక్షన్ రక్తస్రావం ఉన్నవాళ్లకి ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ముందు సీటీ స్కాన్ తీస్తారు, కొత్తగా కారిన రక్తం అందులో తెల్లగా కనిపిస్తుంది.

మరి స్కాన్‌కి ముందు ఏమనాలి? మూతి వంకరపోయి, మాట తడబడి, చెయ్యి లేవకపోతే "స్ట్రోక్ అనుమానం" అనండి, 108కి ఫోన్ చేసినప్పుడు కూడా. అడ్డుపడినా చిట్లినా రెండూ స్ట్రోకే కాబట్టి తప్పు కాదు. దాంతోపాటు మనిషి చివరిసారి మామూలుగా ఎప్పుడున్నాడో టైమ్ చెప్పండి. అడ్డుపడిందో చిట్లిందో తెలియకుండా ఇంట్లో ఆస్పిరిన్ మాత్రం వేయకండి. తలకు దెబ్బ తగిలి రక్తం కారితే దాన్ని స్ట్రోక్ అనరు, అక్కడ "తలకు గాయం" అనే చెప్పాలి.

స్కాన్‌లో రక్తం కనిపించాక హెమరేజ్ అనొచ్చు, మెదడులో రక్తస్రావం అన్నా సరే. ఇంట్లో "నరం చిట్లింది" అంటారే, దానితో నాకు పేచీ లేదు, కనీసం రక్తం కారిందని తెలుస్తుంది. కానీ రక్తం ఎక్కడ చేరిందన్నది ముఖ్యం. మెదడు లోపలే అయితే ఎక్కువగా బీపీ వల్ల. ధమనిలో ఉబ్బు పగిలి మెదడు చుట్టూ చేరితే సబ్‌అరక్నాయిడ్ హెమరేజ్, ఉన్నట్టుండి జన్మలో ఎరగనంత తలనొప్పి వస్తుంది. ముసలివాళ్లలో ఇంకో రకం ఉంది, సబ్‌డ్యూరల్ హెమటోమా, అంటే పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం చేరడం. బాత్‌రూమ్‌లో జారిపడి లేచి మామూలుగానే తిరుగుతారు, కొన్ని వారాలకి మాట తికమక, నడకలో తూలు మొదలవుతాయి, ఇంట్లోవాళ్లు వయసు అనుకుంటారు, అప్పటికి ఆ పడిన సంగతే ఎవరికీ గుర్తుండదు. చాలామందికి పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి ఆ రక్తం తీసేస్తే మనిషి తేరుకుంటాడు.

పేషెంట్‌ని వేరే ఆసుపత్రికి మార్చేటప్పుడైతే సొంత మాటలేవీ వద్దు. స్కాన్ రిపోర్టులో ఏముందో అదే చదివి వినిపించండి, రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా ముందే చూపించండి.