బెల్ రాబర్ట్‌సన్ దారా, కత్రీనా మాథ్యూ దారా: ఏది మేలు?

గోల్ఫ్ బాగా ఆడే అమ్మాయి ప్రొఫెషనల్ అవ్వాలా, డబ్బు కోసం ఆడని అమెచ్యూర్‌గానే ఉండిపోవాలా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే ఇదేం ప్రశ్న అంటారు. పేరు, డబ్బు, టీవీ అన్నీ ఒకవైపే ఉన్నాయి కదా. కానీ స్కాట్లాండ్ మహిళా గోల్ఫ్ చరిత్ర చూస్తే జవాబు అంత తేలిగ్గా దొరకదు. అక్కడ బెల్ రాబర్ట్‌సన్ యాభై ఏళ్లు వచ్చేదాకా దేశం తరఫున అమెచ్యూర్‌గానే ఆడింది. కత్రీనా మాథ్యూ అమెచ్యూర్‌గా గెలవాల్సినవన్నీ గెలిచి, పాతికేళ్ల వయసులో ప్రొఫెషనల్ అయింది. ఇద్దరివీ గొప్ప కెరీర్లే, అందులో వాదన లేదు. నేను మాత్రం ఒకరివైపే మొగ్గుతాను, ఎందుకో చెప్తాను.

ముందు బెల్ సంగతి. 1936లో స్కాట్లాండ్ పడమటి తీరాన కింటైర్ ద్వీపకల్పం చివర సౌత్‌ఎండ్ అనే ఊళ్లో పుట్టింది. పెళ్లికి ముందు ఇంటిపేరు మెకార్కిండేల్. సముద్రం ఒడ్డున ఉన్న డనవర్టీ కోర్సులో ఆట నేర్చుకుంది. అది పెద్ద పెద్ద టోర్నమెంట్లు జరిగే చోటు కాదు, ఊరివాళ్లు ఆడుకునే పొట్టి కోర్సు. అక్కడి నుంచి వచ్చి స్కాటిష్ లేడీస్ అమెచ్యూర్ టైటిల్ ఏడుసార్లు గెలిచింది: 1965, 1966, 1971, 1972, 1978, 1980, 1986. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఇరవై ఒక్క ఏళ్లు. చివరిది గెలిచేనాటికి ఆమెకు యాభై.

కానీ నన్ను కట్టిపడేసేది ఈ ఏడు టైటిళ్లు కాదు, బ్రిటన్‌లో అమెచ్యూర్ మహిళల పెద్ద టోర్నమెంట్ అయిన బ్రిటిష్ లేడీస్ అమెచ్యూర్‌తో ఆమె పెట్టుకున్న పోరు. 1959లో ఫైనల్‌కి వచ్చి ఎలిజబెత్ ప్రైస్ చేతిలో ఓడింది. 1965లో సెయింట్ ఆండ్రూస్‌లో, అంటే గోల్ఫ్‌కి పుట్టిల్లు లాంటి చోట, ఫ్రాన్స్ అమ్మాయి బ్రిజిత్ వారంగో చేతిలో మళ్లీ ఫైనల్లో ఓడింది. 1970లో గలన్‌లో డైనా ఆక్స్‌లీ చేతిలో మూడోసారి. మూడు ఫైనళ్లు ఓడాక ఎవరైనా ఇక చాల్లే అనుకుంటారు. ఆమె అనుకోలేదు, పట్టువదలని విక్రమార్కుడిలా మళ్లీ మళ్లీ వచ్చింది. 1981లో వేల్స్‌లోని కాన్వీలో, తోటి స్కాటిష్ క్రీడాకారిణి విల్మా ఎయిట్‌కెన్ మీద ఫైనల్. పద్దెనిమిది హోల్స్ (బంతి వేయాల్సిన గుంటలు) అయ్యేసరికి సమం, ఇరవయ్యో హోల్ దాకా లాగి గెలిచింది. మొదటి ఫైనల్ ఓడిన ఇరవై రెండేళ్లకు, నలభై ఐదేళ్ల వయసులో!

కర్టిస్ కప్ కథ ఇంకా పెద్దది. ఇది రెండేళ్లకోసారి అమెరికా అమెచ్యూర్ మహిళలకీ బ్రిటన్-ఐర్లాండ్ జట్టుకీ మధ్య జరిగే పోటీ, 1932 నుంచి ఉంది. బెల్ మొదటిసారి ఆడింది 1960లో. తర్వాత 1966, 1968, 1970, 1972, 1982. అన్నిసార్లూ అమెరికాయే గెలిచింది. 1974లో, 1976లో ఆడకుండా కెప్టెన్‌గా ఉంది, అప్పుడూ ఓటమే. చివరికి 1986లో కాన్సాస్‌లోని ప్రెయిరీ డ్యూన్స్‌లో, ఆగస్టు మండుటెండలో బ్రిటన్-ఐర్లాండ్ జట్టు 13-5తో గెలిచింది. అమెరికా గడ్డ మీద అంతకుముందు వాళ్లకి కర్టిస్ కప్ దక్కనే లేదు. మగ ప్రొఫెషనల్స్‌కి ఇలాంటిదే అయిన రైడర్ కప్‌ని యూరప్ జట్టు అక్కడ మొదటిసారి గెలిచింది కూడా ఆ మరుసటి ఏడే. ఆ జట్టులో సగం వయసు అమ్మాయిల పక్కన యాభై ఏళ్ల బెల్ కూడా ఉంది. కప్ ముట్టుకోవడానికి ఇరవై ఆరేళ్లు పట్టిందన్నమాట.

ఇప్పుడు కత్రీనా. 1969లో ఎడిన్‌బరోలో పుట్టి, నార్త్ బెర్విక్‌లో పెరిగింది. అమెచ్యూర్‌గా ఉన్నప్పుడు ఇంటిపేరు లాంబర్ట్. స్టర్లింగ్ యూనివర్సిటీలో చదువుకుంటూనే ఆడింది. స్కాటిష్ టైటిల్ 1991, 1993, 1994లో, బ్రిటిష్ అమెచ్యూర్ 1993లో, కర్టిస్ కప్‌లో మూడుసార్లు. ఇవన్నీ అయ్యాకే ప్రొఫెషనల్ అయింది. చాలామంది దీన్ని పట్టించుకోరు గానీ, ఆమె తొందరపడకపోవడం నాకు చాలా నచ్చిన విషయం.

2009లో మహిళల బ్రిటిష్ ఓపెన్ ఆడటానికి రాయల్ లిథమ్ వచ్చేసరికి ఆమె రెండో బిడ్డ పుట్టి పదకొండు వారాలే. అంతకు కొద్ది రోజుల ముందే ఫ్రాన్స్‌లో వాళ్లు దిగిన హోటల్‌లో మంటలు రేగి భర్త గ్రేమ్ కాళ్లు కాలాయి. ఆయనే ఆమె కేడీ, బ్యాగ్ మోయాల్సిన మనిషి. ఆ కాళ్లతోనే మోశాడు. రెండో రోజు పదకొండో హోల్‌లో ఈగిల్ (ఆ హోల్‌కి పెట్టిన దెబ్బల లెక్క కంటే రెండు తక్కువ), పన్నెండులో ఒక్క దెబ్బకే బంతి గుంటలో. చివరికి ఆడినవాళ్లందరిలో పార్ (కోర్సుకి పెట్టిన దెబ్బల లెక్క) కంటే తక్కువలో ముగించింది ఆమె ఒక్కతే, మూడు స్ట్రోక్‌ల (దెబ్బల) తేడాతో గెలిచింది. మేజర్, అంటే ప్రొఫెషనల్ గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్లలో ఒకటి, గెలిచిన మొదటి స్కాటిష్ మహిళ. 1993లో అమెచ్యూర్ టైటిల్ గెలిచింది కూడా ఇదే లిథమ్‌లో. యూరప్, అమెరికా మహిళా ప్రొఫెషనల్స్ తలపడే సోల్‌హైమ్ కప్‌లో తొమ్మిదిసార్లు ఆడి, 2019లో, 2021లో కెప్టెన్‌గా యూరప్‌ని గెలిపించింది. 2024లో సన్నింగ్‌డేల్‌లో కర్టిస్ కప్ కెప్టెన్‌గానూ గెలిపించింది.

సరే, పక్కపక్కన పెడదాం.

డబ్బు విషయంలో పోటీయే లేదు. బెల్ కాలంలో అమెచ్యూర్ నగదు బహుమతి తీసుకోకూడదు, తీసుకుంటే అమెచ్యూర్ హోదా పోతుంది. ప్రయాణాలు, రోజుల తరబడి ఇల్లు వదిలి ఉండటం, అన్నిటికీ చేతి చమురు వదిలించుకోవాల్సిందే. ఇంట్లో నెల నెలా జీతం కోసం ఎదురుచూసే కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి బెల్ దారిలో ఎంత దూరం వెళ్లగలిగేది? ఈ దారికి ఉన్న పెద్ద లోపం ఇదే, దీన్ని దాచి అమెచ్యూర్ స్ఫూర్తి అంటూ పొగడటం నాకు ఇష్టం లేదు.

పోటీ స్థాయిలోనూ కత్రీనాదే పైచేయి. వారం వారం ప్రపంచంలోని మేటి క్రీడాకారిణులతో తలపడింది. బెల్ ఎక్కువగా ఆడింది బ్రిటన్, ఐర్లాండ్, యూరప్ అమెచ్యూర్లతో. కానీ ప్రొఫెషనల్స్ పక్కన నిలబడలేకపోయిందా అంటే కాదు, 1980లో, 1981లో మహిళల బ్రిటిష్ ఓపెన్‌లో అమెచ్యూర్లందరిలో ముందు నిలిచింది. అప్పటికి ఆమె వయసు నలభై నాలుగు, నలభై ఐదు.

ఇంకో విషయం, ఇది అసలైనది. బెల్‌కి ఇరవై అయిదేళ్లు ఉన్నప్పుడు బ్రిటన్‌లో మహిళల ప్రొఫెషనల్ టూర్ (డబ్బు బహుమతులతో వరసగా జరిగే పోటీలు) అనేదే లేదు. అమెరికాలో 1950 నుంచి ఉంది, కావాలంటే అట్లాంటిక్ దాటి వెళ్లిపోవాలి. బ్రిటన్‌లో టూర్ మొదలైంది 1979లో, అప్పటికి బెల్‌కి నలభై మూడు. ఆమెకంటే ముందుతరం జెస్సీ వాలెంటైన్, మూడుసార్లు బ్రిటిష్ అమెచ్యూర్ విజేత, పొట్టి మనిషి, గట్టి ఆట. ఆమె 1960లో నలభై అయిదేళ్ల వయసులో ప్రొఫెషనల్ అయింది. అయి ఏం చేయాలి, ఆడటానికి టోర్నమెంట్లే లేవాయె! అందుకే బెల్ ధైర్యం లేక ఆగిపోయిందనడం అన్యాయం. ఉన్న దారుల్లో మంచిదాన్నే పట్టుకుంది.

అమెచ్యూర్ దారిలో ఉన్న అసలు బలం ఏమిటంటే ఓడటానికి సమయం ఉంటుంది. టూర్‌లో వరసగా రెండు మూడేళ్లు ఆట బాగోకపోతే అక్కడ ఆడే అర్హత ఇచ్చే కార్డు పోతుంది, ఖర్చులు మీద పడతాయి, నలభై దాటాక ఇక చాలనిపిస్తుంది. బెల్‌కి ఆ టెన్షన్ లేదు. 1970లో మూడో ఫైనల్ ఓడి, పదకొండేళ్లు ఆగి, మళ్లీ వచ్చి గెలవగలిగింది. యాభై ఏళ్లకి దేశం జట్టులో చోటు సంపాదించగలిగింది. ఆటలో ఇంత పొడవైన జీవితం ప్రొఫెషనల్స్‌లో ఎంతమందికి దక్కుతుంది?

అందుకే ఈ రెండు కెరీర్లలో ఏది గొప్పదని నన్నడిగితే బెల్‌దే అంటాను. మేజర్ లేకపోయినా సరే. ఇరవై ఏడేళ్ల పాటు ఒకే టైటిల్, ఒకే కప్ వెంట అంత ఓపికగా తిరగడం కత్రీనా మేజర్ కంటే నాకు ఎక్కువ తూగుతుంది.

ఇప్పుడు ఆడుతున్న పదిహేడేళ్ల అమ్మాయికి మాత్రం కత్రీనా పద్ధతే చెప్తాను. డిగ్రీ పూర్తి చేసుకుని, అమెచ్యూర్ పోటీలన్నీ తనివితీరా ఆడి, పాతికేళ్లు దగ్గరపడ్డాక ప్రొఫెషనల్ అవ్వడం. 2022 నుంచి అమెచ్యూర్ నిబంధనలు సడలించారు కూడా, స్పాన్సర్ల డబ్బు తీసుకోవచ్చు, హ్యాండిక్యాప్ (బలహీన ఆటగాళ్లకి ఇచ్చే దెబ్బల మినహాయింపు) లేకుండా ఆడే పోటీల్లో వెయ్యి డాలర్ల దాకా నగదు బహుమతీ తీసుకోవచ్చు. కాబట్టి డబ్బు కోసం పద్దెనిమిదేళ్లకే టూర్‌లో దూకాల్సిన అవసరం మునుపటంత లేదు. కర్టిస్ కప్ జట్టులో చోటు దొరికే అవకాశం ఉంటే, ఆ రెండేళ్లు ఆగమనే నా సలహా.