ఇన్సూరెన్స్ ఏజెంటు దగ్గర తీసుకోవాలా, నేరుగా కొనాలా: రెండు దార్లూ వాడాక నా రివ్యూ

ముందే తీర్పు చెప్పేస్తా, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. టర్మ్ పాలసీ (కట్టినవాళ్ళు గడువులోపు పోతేనే ఇంటివాళ్ళకి డబ్బొచ్చేది) అయితే కంపెనీ సైటులో నేరుగా కొనుక్కోండి. అమ్మానాన్నల హెల్త్ పాలసీ మాత్రం మంచి ఏజెంటు చేతుల మీదుగా తీసుకోండి, అదీ వాళ్ళుండే ఊళ్ళోనే ఉండేవాడు, ఫోను ఎత్తేవాడు దొరికితేనే. కారుకీ బండికీ కాస్త తీరిక చేసుకుంటే నేరుగానే మేలు. ఇక మెచ్యూరిటీకి ఇంత వస్తుంది, మధ్యలో మనీబ్యాక్ వస్తుంది అనే పాలసీలంటారా, అవి ఏజెంటు అమ్మినా, సైటు అమ్మినా, బ్యాంకు మేనేజరు కూర్చోబెట్టి టీ ఇప్పించి అమ్మినా నాకొద్దు. మా ఇంట్లో రెండు రకాలుగానూ కొన్నాం, రెండింట్లోనూ క్లెయిము దాకా వెళ్ళాం, అలా వచ్చిన అభిప్రాయం ఇది. నేను ఏజెంటుని కాదు, కింద ఏ లింకూ పెట్టబోవడం లేదు.

ఏజెంటు వద్దనేవాళ్ళు మొదట ఎత్తేది కమీషన్ మాట. టర్మ్‌లో అది నిజమే, తేడా కంటికి కనిపిస్తుంది. ఎల్‌ఐసీనే తీసుకోండి, 2024 ఆగస్టులో ఇంచుమించు ఒకే రకం టర్మ్ ప్లాన్‌ని రెండు పేర్లతో తెచ్చింది, ఏజెంటు ద్వారా అమ్మేది యువ టర్మ్, ఆన్‌లైన్‌లో మాత్రమే దొరికేది డిజి టర్మ్. వయసూ, కవరూ (బీమా మొత్తం), కాలమూ ఒకటే పెట్టి రెండు ప్రీమియంలూ పక్కపక్కన చూడండి, డిజి టర్మ్ తక్కువ పడుతుంది. ఇది ఒక ఏడాదితో పోయేది కాదు, పాతికేళ్ళో ముప్ఫై ఏళ్ళో కట్టే తేడా. హెల్త్‌లో కథ వేరు. చాలా కంపెనీల్లో సైటులో కొన్నా ఏజెంటు దగ్గర కొన్నా ప్రీమియం ఒకటే, మహా అయితే నేరుగా కొన్నందుకు చిన్న డిస్కౌంటు ఉంటుంది. ఏజెంటు లేనంత మాత్రాన ఆయన కమీషన్ మన జేబులోకి రాదు, కంపెనీ దగ్గరే ఉండిపోతుంది. కట్టే డబ్బు అటూ ఇటూ ఒకటే అయినప్పుడు పని చేసిపెట్టే మనిషిని వద్దనడం దేనికి? కాబట్టి ముందు చేయాల్సిందల్లా అదే వయసుకి, అదే కవరుకి, అదే పిన్‌కోడ్‌కి రెండు చోట్లా కొటేషన్ తీసుకోవడం. అన్నట్టు, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు, ఎవరైనా పాత కాగితం తీసి 18 శాతం కలిపి చెబుతుంటే అక్కడే ఆపండి.

కొందరు ఏజెంట్లు మొదటి ప్రీమియంలో కొంత మేమే కట్టేస్తాం అంటారు. మా చుట్టాల్లో చాలామంది ఇలా కట్టించుకుని అదో పెద్ద గెలుపులా చెప్పుకుంటారు కూడా. 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం అది తప్పు, ఇచ్చినవాడికే కాదు, పుచ్చుకున్నవాడికి కూడా, జరిమానా పది లక్షల దాకా ఉంది. సరే, చట్టం సంగతి అలా ఉంచండి. మొదటి ఏడాది సంపాదన మీ చేతిలో పెట్టేసిన మనిషి నాలుగో ఏడాది అర్ధరాత్రి మీరు ఆసుపత్రి నుంచి ఫోన్ చేస్తే ఎందుకు ఎత్తాలి?

ఇక మొహమాటం. మన దగ్గర ఇన్సూరెన్స్ సగం దీని మీదే నడుస్తుంది. బాబాయో, పక్కింటి ఆంటీవాళ్ళ అల్లుడో ఏజెంటు అయి ఉంటాడు, టార్గెట్ పూర్తి కాలేదనీ, డెవలప్‌మెంట్ ఆఫీసరు ఒత్తిడి చేస్తున్నాడనీ ఇంటికొచ్చి కూర్చుంటాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దవాళ్ళు ఒక సామెత చెప్పారు, అది ఇక్కడ రాయను. ఎండోమెంట్ పాలసీలో, అదే మెచ్యూరిటీకి డబ్బొచ్చే రకంలో, ఏజెంటుకి మొదటి ఏడాది ప్రీమియంలో పావు వంతు దాకా, కొన్నిట్లో ఇంకా ఎక్కువే కమీషన్ ఉంటుంది. టర్మ్‌లో ప్రీమియమే చిన్నది, ఇక అందులో ఆయనకి మిగిలేదెంత? అందుకే మీరు టర్మ్ అడిగితే ఆయన ‘డబ్బు తిరిగి రాదు కదమ్మా’ అని మొదలుపెడతాడు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ప్రీమియం మీద వచ్చే 80సీ పన్ను మినహాయింపే లేదు, అయినా మార్చి రాగానే ట్యాక్స్ మిగులుతుంది అనే ఫోన్లు ఆగలేదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, పల్లెల్లో భర్త పోయిన ఆడమనిషికి డెత్ క్లెయిము ఫారాలు నింపిపెట్టి, బ్రాంచి ఆఫీసుకి తనే తిరిగి, డబ్బు అకౌంట్లో పడేదాకా వదలని ఏజెంట్లు ఉన్నారు, నేను చూశాను. ఆ పని ఏ యాప్ చేస్తుంది?

చాలా కంపెనీల పాలసీలు పక్కపక్కన చూపే పోలిక సైట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ‘నేను ఏజెంటు లేకుండా ఆన్‌లైన్‌లో కొన్నాను’ అనేవాళ్ళలో చాలామంది కొన్నది అక్కడే. అది నేరుగా కొనడం కాదు. పేజీ అడుగుకి వెళ్ళి చూడండి, చిన్న అక్షరాల్లో బ్రోకర్ అనో కార్పొరేట్ ఏజెంట్ అనో రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. వాళ్ళకీ కమీషన్ వస్తుంది, కాకపోతే వాళ్ళు మీ ఇంటికి రారు. పోల్చి చూసుకోవడానికి బాగానే పనికొస్తాయి, కాదనను. కానీ నేను ఒక సైటులో ఊరికే ప్రీమియం ఎంతో చూద్దామని ఫోను నంబరు ఇచ్చానంతే, ఆ పూటే మొదలైన కాల్స్ నేను వేరేచోట పాలసీ తీసుకున్నాక కూడా వస్తూనే ఉన్నాయి, ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ ‘మేడమ్, ఈ రోజే లాస్ట్ డేట్’ అని. బ్యాంకులో కొన్నా అంతే, బ్యాంకు కూడా కమీషన్ తీసుకునేదే.

ఇంత చెప్పినా ధర గురించే చెప్పాను. నా దృష్టిలో అసలు విషయం ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తు, ఎవరు నింపుతున్నారన్నది. పాలసీ బతుకంతా ఆ కాగితంలో ఉంది. షుగర్ ఉందా, బీపీ ఉందా, సిగరెట్ తాగుతారా, ఇంతకుముందు ఏదైనా ఆపరేషన్ అయిందా అన్న ప్రశ్నలన్నిటికీ ఒక రకం ఏజెంటు మిమ్మల్ని అడక్కుండానే ‘లేదు’ అని టిక్కులు పెట్టేసి, ఓటీపీ చెప్పమ్మా అంటాడు. పాలసీ గంటలో వచ్చేస్తుంది, అందరూ సంతోషం. తర్వాత ఆసుపత్రిలో చేరినప్పుడు డాక్టరు కేస్ షీట్‌లో షుగర్ పదేళ్ళ నుంచి ఉందని రాస్తాడు, రాయకుండా ఎలా ఉంటాడు, మనమే చెప్తాం కదా, అక్కడితో కంపెనీ చేతికి కారణం దొరుకుతుంది. లైఫ్ పాలసీ అయితే మూడేళ్ళు దాటాక దాన్ని ప్రశ్నించడానికి లేదు, అది అదే చట్టం 45వ సెక్షన్. హెల్త్‌లో వరసగా ఐదేళ్ళు కట్టాక మోసం రుజువైతే తప్ప, దాచారన్న సాకు చూపకూడదు. ఆ గడువు లోపలే క్లెయిము వస్తే దిక్కెవరు? సైటులో నేరుగా కొంటే ఈ ఫారం మన వేళ్ళతో మనమే నింపుతాం, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఏజెంటుతో కొన్నా నింపిన ఫారం కాపీ మొత్తం పీడీఎఫ్ అడిగి తీసుకోండి. ఇవ్వడానికి నసిగేవాడైతే ఆ ఏజెంటు వద్దు. పాలసీ చేతికొచ్చాక 30 రోజులు ఫ్రీ లుక్ ఉంటుంది, ఏదైనా తప్పు పడితే ఆలోపు సరిచేయించుకోవచ్చు, లేదా వెనక్కి ఇచ్చేయొచ్చు, కొద్దిపాటి ఖర్చులు పట్టుకుని మిగతాది ఇచ్చేస్తారు.

మా నాన్నగారిది గుంటూరు. షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. నేను మొదట సైటులో ప్రయత్నిస్తే, ఉన్న జబ్బులు నిజాయితీగా నింపగానే ‘మా వాళ్ళు ఫోన్ చేస్తారు’ అని కంపెనీ నుంచి ఒక మెసేజ్ వచ్చి ఊరుకుంది. తర్వాత ఊళ్ళోనే ఒక ఏజెంటు గారు దొరికారు, నాన్న వయసువారే. ఆయన ముందు పాత ప్రిస్క్రిప్షన్లన్నీ తెమ్మన్నారు, తేదీల వారీగా జిరాక్సులు తీయించారు, ‘అమ్మా, లోడింగ్ పడుతుంది, కొంచెం ఎక్కువ కడతారు, కానీ దాచొద్దు’ అన్నారు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. ముందునుంచీ ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ (వాటికి క్లెయిము ఇవ్వని కాలం) ఇప్పుడు ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళు, అది దాటాక నాన్నకి స్టెంట్ పడింది. క్యాష్‌లెస్‌కి, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టేలా, పంపితే, బీపీకి మొట్టమొదట ఎప్పుడు చూపించుకున్నారో ఆ కాగితం కావాలని కంపెనీ క్వెరీ పెట్టింది. ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కు దగ్గర నిలబడ్డవాళ్ళకి తెలుస్తుంది ఆ టెన్షన్ ఏంటో, మందుల చీటీ ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో. మా దగ్గర ఆ కాగితం ఎక్కడుందో ఎవరికి తెలుసు? ఆయన ఫైలులో ఉంది. స్కాన్ చేసి పంపారు, జవాబు ఎలా రాయించాలో డెస్కు వాళ్ళతో తనే మాట్లాడారు, అప్రూవల్ వచ్చింది. ఆయన కంపెనీకి చెప్పి క్లెయిము పాస్ చేయించారని అనుకోకండి, ఏజెంటుకి అలాంటి అధికారం ఏమీ ఉండదు, ఉందని చెప్పుకునేవాళ్ళని నమ్మొద్దు. ఆయన చేసిందల్లా కాగితం ఉంచడం, సమయానికి అందించడం.

రెండో అనుభవం మా ఆయనది. మా ఇద్దరికీ పాపకీ హెల్త్ పాలసీ కంపెనీ సైటులోనే తీసుకున్నాం. ఆయనకి డెంగ్యూ వచ్చి హైదరాబాద్‌లో చేర్చాం, ఆ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రే. యాప్‌లో కార్డు చూపించాం, క్యాష్‌లెస్ వచ్చింది, అంతే, రాయడానికి ఇంకేం లేదు. వయసు తక్కువ, పాత జబ్బులు లేవు, వివాదానికి తావు లేదు. ఇలాంటి ఇంటికి ఏజెంటు ఉన్నా ఆయన చేసేది పెద్దగా ఉండదు. డిశ్చార్జ్ మాత్రం ఆలస్యమైంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నాటి ఆదేశం ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలో నిర్ణయం చెప్పాలి, ఫైనల్ బిల్లు పంపిన మూడు గంటల్లో డిశ్చార్జ్ అనుమతి ఇవ్వాలి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఈ రూలు గట్టిగా గుర్తు చేశాక కదిలింది, అంతవరకు ‘మీ కాల్ మాకు ముఖ్యం’ పాటే.

నేరుగా కొంటే పోట్లాడాల్సి వచ్చినప్పుడు ఒంటరివాళ్ళం అయిపోతామని భయపెడతారు, అంత లేదు. ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, 155255కి ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే ఇలాంటి తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఏజెంటు ద్వారా కొన్నవాళ్ళకీ చివరికి దారి ఇదే.

ఏజెంటుని ఎలా ఎంచుకోవాలని అడిగితే నేను ఒక్క ప్రశ్న వేస్తాను: రూమ్ రెంట్ లిమిట్ ఉందా, ఉంటే నేను పెద్ద గది తీసుకుంటే ఏమవుతుంది? రోజుకి ఐదు వేల లిమిట్ ఉన్న పాలసీతో ఎనిమిది వేల గదిలో చేరితే తేడా మూడు వేలే కదా అనుకుంటాం. కాదు, చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీలు లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోస్తారు, ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు. మందులకీ స్టెంట్ లాంటివాటికీ ఆ కోత పడదు. ఇది గడగడా చెప్పగలిగినవాడికి పని తెలుసు. ‘అవన్నీ నేను చూసుకుంటా అమ్మా’ అన్నవాడికి నమస్కారం పెట్టి వచ్చేయండి. ఇంకోటి, మీ ఏజెంటు ఈ పని మానేయొచ్చు, ఊరు మారొచ్చు, అప్పుడు పాలసీకి పెద్దదిక్కు ఉండదు. అందుకే పాలసీలో ఫోను నంబరూ ఈమెయిలూ మీవే ఉండాలి. ఏజెంటు తన నంబరు పెట్టేయడం చాలా ఇళ్ళల్లో చూశాను, రెన్యువల్ మెసేజ్ ఆయనకి పోతుంది, పాలసీ మనది ల్యాప్స్ అవుతుంది.

కారు సంగతి రెండు ముక్కల్లో. షోరూంలో ఇన్సూరెన్స్ అక్కడే తీసుకోవాలని చెబుతారు, అలాంటి రూలేం లేదు. థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ళ నష్టానికి) ప్రీమియం ప్రభుత్వం పెట్టిన రేటే, ఎక్కడ కొన్నా మారదు. మారేదల్లా ఓన్ డ్యామేజీ (మన కారు నష్టానికి కట్టేది), దాని మీద వాళ్ళు మనల్ని అడక్కుండా కలిపే యాడ్‌ఆన్‌లు. ఐడీవీ (కారు పూర్తిగా పోతే ఇచ్చే విలువ) తగ్గించి చవగ్గా చూపించే కొటేషన్లు ఆన్‌లైన్‌లోనూ ఉంటాయి, ఆ అంకె సమానం చేసి పోల్చండి. పాత కారు అమ్మితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయని ఏళ్ళకి ఓన్ డ్యామేజీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కారుతో పోదు, మనదే, 20 నుంచి 50 శాతం దాకా ఉంటుంది, కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే మూడేళ్ళలోపు కొత్త కారుకి వాడుకోవచ్చు. మేం ఆ లెటర్ తీసిపెట్టుకున్నాం. షోరూం వాళ్ళ మొదటి కొటేషన్‌లో అది లేదు, లెటరూ బయట తెచ్చిన కొటేషనూ రెండూ టేబుల్ మీద పెట్టాక లెక్క మళ్ళీ వేశారు, అయినా బయటిదే తక్కువ వచ్చింది, అదే తీసుకున్నాం.