16 కిలోఓమ్‌ల మోజు: ఆరేళ్లుగా వాడుతున్న జేబీ హంబకర్

సేమూర్ డంకన్ కంపెనీ జేబీ ఒక హంబకర్, అంటే ఎలక్ట్రిక్ గిటార్ స్ట్రింగ్‌ల కదలికను సిగ్నల్‌గా మార్చే రెండు కాయిల్స్ పికప్. దాన్ని నేను ఒకే ఒక్క అంకె చూసి కొన్నాను. కంపెనీ పట్టికలో దాని డీసీ రెసిస్టెన్స్ (కాయిల్ తీగ కరెంటుకి ఇచ్చే నిరోధం) 16.4 కిలోఓమ్‌లు. అప్పటికి నా గిటార్ బ్రిడ్జ్ (స్ట్రింగ్‌ల కింది కొస బిగించే చోటు) దగ్గరున్న డిమార్జియో కంపెనీ సూపర్ డిస్టార్షన్ పికప్‌ది 13.7. పెద్ద అంకె కదా, ఇంకా గట్టిగా మోగుతుందనుకున్నాను. మోగలేదు. అదే యాంప్, అదే గెయిన్, ఇంకాస్త తగ్గినట్టే అనిపించింది. డబ్బులు బూడిదలో పోసినట్టే అనుకుని ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ అంకె తీగ సంగతి చెబుతుంది తప్ప శబ్దం సంగతి కాదు. రాగి తీగ సన్నబడితే అన్నే చుట్లకు రెసిస్టెన్స్ పెరుగుతుంది. అసలు బలం తేలాలంటే చుట్ల సంఖ్య, మాగ్నెట్ రెండూ చూడాలి. సూపర్ డిస్టార్షన్‌లో సిరామిక్ మాగ్నెట్, జేబీలో అల్నికో 5. ఇంకో తమాషా: జనవరి ఉదయం మీటర్ పెడితే నా జేబీ 16.3 చూపించింది, మే నెల మధ్యాహ్నం 17.1. ఎండకు రాగి రెసిస్టెన్స్ పెరుగుతుంది. అంతమాత్రాన హైదరాబాద్ ఎండాకాలంలో నా గిటార్ ఎక్కువ హెవీగా మోగదుగా!

మరి మొదటి రోజే ఎందుకు పీకేయలేదు? రెండు రోజుల్లో రిహార్సల్ ఉంది, మళ్లీ తీసే ఓపిక లేదు. ఆ రిహార్సలే దాన్ని కాపాడింది. సూపర్ డిస్టార్షన్‌లో లో-మిడ్స్, అంటే మధ్యస్థాయి శబ్దాల్లో కింది భాగం, దండిగా ఉంటాయి. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే గోడ లేచినట్టుంటుంది. బ్యాండ్‌లోకి వెళ్లేసరికి మా బేస్ గిటార్, కిక్ డ్రమ్ కూడా అక్కడే కూర్చుంటాయి కాబట్టి ముగ్గురం కలిసి ముద్దయ్యేవాళ్లం. నేను వాల్యూమ్ పెంచేవాణ్ని, బేస్ అతను పెంచేవాడు, చివరికి పాడేవాడి గొంతు పోయేది. జేబీ బలమంతా పై మిడ్స్‌లో ఉంటుంది. మొదటి పాట సగంలో డ్రమ్మర్ ఆపి, "మామా, ఇవాళ నీ గిటార్ వినబడుతోంది" అన్నాడు. ఆరోజు నా వాల్యూమ్ ఎప్పటికన్నా తక్కువే.

అయితే దానికి ముందు ఒక తప్పు చేశాను. దీన్ని చదివి కనీసం ఇద్దరైనా తప్పించుకుంటే చాలు. ఈ పికప్‌కి నాలుగు రంగుల తీగలు, ఒక ఉత్త తీగ వస్తాయి. రంగులు అన్ని కంపెనీలకీ ఒకటే అనుకుని డిమార్జియో పద్ధతిలోనే కలిపేశాను: ఎరుపు హాట్‌కి (సిగ్నల్ బయటికి వెళ్లే కొస), నలుపూ తెలుపూ ఒకదానితో ఒకటి, ఆకుపచ్చ గ్రౌండ్‌కి. యాంప్ ఆన్ చేయగానే గుయ్‌మని రొద. శబ్దం రేకు డబ్బాలా పల్చగా ఉంది. ట్యూబ్‌లైట్ ఆపితే రొద కాస్త తగ్గింది. మీటర్ పెడితే 16 ఉండాల్సిన చోట 8! అప్పుడు వెలిగింది. డంకన్ వాళ్లకి నలుపు హాట్, తెలుపూ ఎరుపూ జంట, ఆకుపచ్చ గ్రౌండ్. నేను కలిపిన తీరులో ఒక కాయిల్ రెండు కొసలూ ఒకదానికొకటి అంటుకుని అది మూగబోయింది. మిగిలిన కాయిల్ ఒక్కటే మోగుతోంది.

హంబకర్ గుట్టంతా ఆ రెండో కాయిల్‌లోనే ఉంది. రెండు కాయిల్స్‌నీ చుట్టు దిశ పరంగా, మాగ్నెట్ ధ్రువాల పరంగా ఎదురెదురుగా పెడతారు. మన ఇళ్ల కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద ఒకదాంట్లో ఎక్కితే ఇంకోదాంట్లో దిగి రద్దవుతుంది. స్ట్రింగ్ శబ్దం మాత్రం రెండింటిదీ కలిసి పెరుగుతుంది. సెత్ లవర్ గిబ్సన్‌లో ఉంటూ 1955లో పేటెంట్‌కు పెట్టిన ఆలోచన ఇదే. నేను ఒక్క సోల్డరింగ్‌తో దాన్ని 1955కి ముందు కాలానికి వెనక్కి తీసుకెళ్లాను.

మళ్లీ విప్పి కలిపేటప్పుడు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్) వెనుక గ్రౌండ్ తీగ అతికించబోయాను. పాట్ లోహమంతా వేడిని లాగేసుకుంటుంది, సీసం ఉండలు కట్టి జారిపోతుంది. అలాగే నొక్కిపట్టి ఉంచితే లోపలి ట్రాక్ కాలి, వాల్యూమ్ తిప్పినప్పుడల్లా కరకరమనడం మొదలైంది. 60 వాట్లది అయితే రెండు సెకన్ల పని.

కొత్త పాట్ కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. అక్కడ అడగ్గానే చేతిలో పెట్టేది ఎక్కువగా 'బి' అని రాసిన లీనియర్ పాట్. పనిచేస్తుంది గానీ నాబ్‌ని పది నుంచి మూడు దాకా తిప్పినా పెద్ద తేడా వినబడదు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. వాల్యూమ్ తగ్గించి క్లీన్ వాయించే అలవాటుంటే 'ఎ' రకమే అడగండి.

ఇక దీని లోపం. ఇంట్లో చిన్న యాంప్‌తో తక్కువ శబ్దంలో వాయిస్తే సన్న స్ట్రింగ్‌లు చెవిలో సూదిలా గుచ్చుతాయి. మొదటి ఏడాదంతా ఇది విసిగించింది. 500కె (500 కిలోఓమ్‌ల) వాల్యూమ్ పాట్ తీసి 250కె వేశాక ఆ మొన కాస్త మొద్దుబారింది. హంబకర్‌కి 500కె అని అందరూ చెప్పేదే, కానీ జేబీ విషయంలో నాకు 250కె నచ్చింది. అంతకన్నా పైసా ఖర్చులేని మందు పికప్ ఎత్తు తగ్గించడం. చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కి పట్టుకుని చూస్తే పికప్‌కి, స్ట్రింగ్‌కి మధ్య మొదట ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉండేది. స్క్రూ తిప్పుతూ వింటూ బేస్ వైపు రెండున్నర, ట్రెబుల్ వైపు రెండు దగ్గర ఆగాను. కార్డ్‌లో ఒక్కో స్వరం విడిగా వినబడటం మొదలైంది. ఈ స్క్రూ సంగతి ముందే తెలిసుంటే సూపర్ డిస్టార్షన్‌ని అసలు తీసేవాణ్నే కాదేమో.

గిటార్ నెక్ వైపు అదే కంపెనీ 59 అనే పికప్ పెట్టాను, ఏడున్నర కిలోఓమ్‌ల లోపు. దాని గురించి ఫిర్యాదు లేదు, అందుకే రాయడానికీ ఏమీ లేదు.

హార్డ్ రాక్‌కి హై అవుట్‌పుట్ తప్పనిసరా అంటే, కాదు. గన్స్ ఎన్ రోజెస్ గిటారిస్ట్ స్లాష్ పేరుతో ముడిపడిన అల్నికో 2 ప్రో పికప్ రెసిస్టెన్స్ ఎనిమిది కిలోఓమ్‌ల దగ్గరే, జేబీలో సగం. ఆ బరువు యాంప్ నుంచి, చేతి నుంచి వస్తుంది. మంచి వాల్వ్ యాంప్ ఉన్నవాళ్లు అటువైపే చూడొచ్చు. బాగా దించిన ట్యూనింగ్‌లో వేగంగా పామ్ మ్యూట్ చేసే (అరచేతి అంచు స్ట్రింగ్‌లకు ఆనించి వాయించే) మెటల్ అయితే మాత్రం జేబీ వద్దంటాను, లావు స్ట్రింగ్ కాస్త వదులుగా మోగుతుంది. మా రెండో గిటారిస్ట్ అందుకే ఈఎంజీ 81 అనే, బ్యాటరీతో నడిచే పికప్ పెట్టుకున్నాడు. బిగుతుగా ఉంటుంది, రొద దాదాపు సున్నా. కానీ కేబుల్ గుచ్చి ఉంచితే 9 వోల్ట్‌ల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఒకసారి షో మధ్యలో అతని శబ్దం చిరిగిపోయి ఆగిపోయింది. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) తరహా బ్రిడ్జ్ ఉన్నవాళ్లు స్ట్రింగ్‌ల మధ్య దూరం చూసుకుని జేబీలోనే కాస్త వెడల్పు రకమైన టీబీ-4 తీసుకోవాలి, మామూలు జేబీ కాదు.

ఆరేళ్ల చెమటకి స్ట్రింగ్‌ల కింద ఉండే స్క్రూ పోల్స్‌లో రెండు తుప్పు పట్టాయి, శబ్దంలో తేడా ఏమీ లేదు. సూపర్ డిస్టార్షన్ ఇన్నేళ్లూ సొరుగులో పడుంది. ఈమధ్యే దాన్ని మా బాబాయి కొడుకు గిటార్‌లో వేసిచ్చాను. ఈసారి రంగుల కాగితం గోడకి అంటించుకునే ఐరన్ పట్టుకున్నా.