జాతి కోళ్ల కోసం ప్రయాణం: రాజేంద్రనగర్ నుంచి ఝాబువా దాకా

కోళ్లు కొనడానికి వెళ్లడం వేరు, ఒక జాతిని నిలబెట్టడానికి వెళ్లడం వేరు. రెండో పని మీద బయల్దేరినవాళ్లు నిగనిగలాడే డేగ పుంజునో, కాకి పుంజునో చూసి అక్కడే ఆగిపోకూడదు. ఏ ఫారంలో అడుగుపెట్టినా ముందు అడగాల్సింది ఒకటే: ఈ మందలో గుడ్ల కోసం కట్టిన పుంజులు ఎన్ని?

దీనికి ఒక లెక్క ఉంది. పుంజుల సంఖ్యను పెట్టల సంఖ్యతో గుణించి, దాన్ని 4తో హెచ్చించి, మొత్తం కోళ్ల సంఖ్యతో భాగించాలి. 5 పుంజులు, 50 పెట్టలు ఉన్న మంద చూడటానికి పెద్దదే. కానీ ఈ లెక్కలో అది 18 కోళ్ల కిందే జమ. 10 పుంజులు, 30 పెట్టలే ఉన్న చిన్న మందకు 30 వస్తుంది. ఆ సంఖ్య 18 అయితే తరానికి దాదాపు 2.8 శాతం చొప్పున రక్తం దగ్గరవుతుంది (అంటే మందలో కోళ్లన్నీ దగ్గరి చుట్టాలవుతూ పోతాయి), 30 అయితే 1.7 శాతం, 50 అయితే 1 శాతం. ఈ శాతం పెరిగేకొద్దీ ముందు గుడ్లు సరిగ్గా పగిలి పిల్లలు రావు, ఆ తర్వాత పిల్లలు నిలవవు. అందుకే వంద పెట్టలు, మూడు పుంజులు ఉన్న మెరుపుల ఫారం కన్నా పుంజులు ఎక్కువున్న పాత పాక మేలు.

తెలుగువాళ్లు ఈ ప్రయాణం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయంతో మొదలుపెట్టడం మంచిది. భారత వ్యవసాయ పరిశోధన మండలి కింద నడిచే ఈ సంస్థలో అసీల్, ఘాగస్, నికోబారీ లాంటి దేశవాళీ జాతులను కాపాడుతున్నారు. వనరాజా, గ్రామప్రియ వచ్చింది కూడా ఇక్కడి నుంచే. అవి పెరటి పెంపకానికి బాగా పనికొస్తాయి కానీ జాతి కోళ్లు కావు. అసీల్ మందలో వనరాజా పుంజును ఒక్క నెల వదిలితే చాలు, ఆ తర్వాత కొన్ని వారాల దాకా ఏ పిల్ల జాతిదో, ఏది సంకరమో తేలదు. గుడ్లకైనా పిల్లలకైనా ముందే రాసి, తేదీ ఖరారు చేసుకుని వెళ్లాలి. మూల మందల షెడ్లలోకి బయటివాళ్లు తిరగాలని అనుకోకూడదు. చెప్పుల దుమ్ముతోనే కొక్కెర తెగులు (రాణిఖేత్) వచ్చే అవకాశం ఉన్నప్పుడు గేటు బయట ఆపడమే మంచి సంరక్షణకు గుర్తు. ఎవరినైనా నేరుగా షెడ్డులోకి తీసుకెళ్లే ఫారం దగ్గరే మనం జాగ్రత్తపడాలి.

బస సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. ఒక రోజుకు ఒకే ఫారం, మధ్యలో ఒక రాత్రి తప్పనిసరి. ఫారం పక్కనే ఇచ్చే గదులు దూరం తగ్గిస్తాయి కానీ, రాత్రంతా అదే గాలిలో, అదే బట్టల్లో ఉండి మర్నాడు ఇంకో మందలోకి వెళ్లడం తప్పు. ఊళ్లో లాడ్జి తీసుకుని, వేడినీళ్లు వస్తాయో లేదో, అదే రోజు బట్టలు ఉతికిస్తారో లేదో అడిగి దిగాలి. రబ్బరు చెప్పుల జత ఒక్కో ఫారానికి విడిగా ఉంటే ఇంకా మంచిది. గది అందం ఈ ప్రయాణంలో లెక్కలోకి రాదు.

పరిశోధన కేంద్రం తర్వాత పల్లెలు. శ్రీకాళహస్తి చుట్టుపక్కల కాళస్తి జాతి, విజయనగరం వైపు డంకి జాతి జాతీయ రిజిస్టర్‌లో ఉన్నవే. రెండు ఊళ్లకూ రైలు ఉంది, బసకూ ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఎంపికలోనే. పల్లెలో పుంజు ఒక ఇంటిది కాదు, వీధిది. గుడ్డుకు తండ్రి ఎవరో తేలదు, కాబట్టి తల్లి పేరిటే లెక్క రాసుకోవాలి. ఒకే ఇంట్లో 30 గుడ్లు దొరికితే సంబరపడకుండా, పది ఇళ్లలో మూడేసి చొప్పున, వీలైతే రెండు మూడు ఊళ్ల నుంచి ఏరాలి. గుడ్డు మీద ఇంటి గుర్తు పెన్సిల్‌తోనే రాయాలి.

అసీల్‌కు బఠాణీ జుట్టు (నెత్తి మీద మూడు వరసల పొట్టి కండ) ఉండాలి, తమ్మెలు (గడ్డం కింద వేలాడే కండలు) ఉండీ లేనట్టు ఉండాలి. ఒంటి ఈకలు బిరుసుగా ఒంటికి అంటుకుని, తోక కిందికి వాలి ఉండాలి. ఇవన్నీ కుదిరినా నమ్మకానికి చాలదు, ఎందుకంటే బఠాణీ జుట్టు సంకరంలో కూడా పైకి తేలుతుంది. పొదిగించిన పిల్లల్లో ఒక్కటి నిలువు రంపపు జుట్టుతో వచ్చిందంటే తల్లిలోనూ తండ్రిలోనూ కల్తీ దాగి ఉన్నట్టే. ఆ జంటను పక్కన పెట్టాల్సిందే. పందెం కోసం పెంచేవాళ్ల దగ్గర పుంజులు బలంగా ఉంటాయి కానీ, వాళ్ల ఎంపికలో పెట్టల గుడ్ల సంఖ్యకు, పిల్లల్ని సాకే గుణానికి చోటుండదు. పందెం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా. జాతిని కాపాడే మందకు ఆ దారి పనికిరాదు.

అన్నిటికన్నా దూరం ఝాబువా, మధ్యప్రదేశ్ పడమటి కొసన. కడక్‌నాథ్ సొంతగడ్డ ఇదే. 2018లో దాని మాంసానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దగ్గరి రైల్వేస్టేషన్ మేఘ్‌నగర్, విమానమైతే ఇందోర్‌లో దిగి రోడ్డు పట్టాలి. అక్కడి కృషి విజ్ఞాన కేంద్రంతో ముందే మాట్లాడుకుని వెళ్తే ఒక్క రోజులో పని తేలుతుంది. పేరు మోగిపోయాక నకిలీలు కూడా పెరిగాయి. చర్మం నల్లగా ఉందని మురిసిపోవద్దు, ఆ నలుపు సంకరానికీ కొంత దిగుతుంది. నాలుక, నోటి లోపలి భాగం, జుట్టు, అరికాలు నాలుగూ చూడాలి. జుట్టు ఎర్రబడినా, కాళ్లు తెల్లబారినా వదిలేయాలి. నల్ల గుడ్లు అని అమ్మజూపేవాళ్ల దగ్గర నిలబడనే వద్దు. కడక్‌నాథ్ గుడ్డు లేత గోధుమ రంగులోనే ఉంటుంది.

ఎక్కడైనా నిర్వాహకుల పనితనం తేల్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: పుంజును మార్చాక ఎన్ని రోజులకు గుడ్లు ఏరుతున్నారు? పెట్ట కడుపులో పాత పుంజు వీర్యం రెండు మూడు వారాలు బతికే ఉంటుంది. మూడు వారాలు ఆగుతాం అన్నవాళ్ల రిజిస్టర్‌ను నమ్మొచ్చు. నాలుగైదు రోజులే అన్నారంటే వాళ్లు రాసిచ్చే వంశావళి కాగితానికి విలువ లేదు.

ఇంటికి తెచ్చుకునేది పిల్లలా, గుడ్లా? పిల్లల కడుపులో మిగిలిన పచ్చసొన రెండు రోజులు ఆదుకుంటుంది కాబట్టి గుడ్డు నుంచి బయటపడిన రోజే డబ్బాలో పెట్టి, ప్రయాణం 48 గంటల్లో ముగించాలి. మారెక్స్ (కోళ్ల కాళ్లు పడిపోయేలా చేసే వైరస్ జబ్బు) టీకా వేశాకే తీసుకోవాలి. గుడ్లయితే రోగం తెచ్చుకునే ముప్పు తక్కువ, తల్లులు ఎక్కువ మంది దొరుకుతారు. మా ఓటు గుడ్లకే. కాకపోతే వేసవిలో వద్దు. ఎండకు కాగే స్లీపర్ బోగీలో పిండం సగం సగం పెరిగి చచ్చిపోతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు, ఏసీ బోగీలో, అట్ట ట్రేలలో మొద్దు కొస పైకి పెట్టి, మధ్యన ఊక నింపి, చేతి సామానుగానే తేవాలి. పెట్టిన ఏడు రోజుల్లోపు గుడ్లనే ఒప్పుకోవాలి. ఇంటికి చేరాక 12 నుంచి 24 గంటలు కదపకుండా ఉంచాలి. కుదుపుకు మొద్దు కొసలోని గాలి గది జారిన గుడ్డు దీపం ముందు పెట్టి చూస్తే తెలుస్తుంది: ఆ గది ఒకచోట నిలవక బుడగలా అటూ ఇటూ ఊగుతుంది. వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. పొదిగించే మిషన్‌లో 37.5 డిగ్రీలు, 18వ రోజు దాకా తేమ 50 నుంచి 55 శాతం, ఆ తర్వాత తిప్పడం ఆపి 65కు పైన. చివర్లో తేమ చాలకపోతే పిల్ల పెంకు పగలగొట్టి కూడా పొరకు అంటుకుని లోపలే ఉండిపోతుంది.

టికెట్ తీసుకునే ముందు జిల్లా పశుసంవర్ధక శాఖకు ఒక ఫోన్ చేయాలి. బర్డ్ ఫ్లూ తేలితే చుట్టూ కిలోమీటరు వ్యాధి మండలం, 10 కిలోమీటర్ల దాకా నిఘా మండలం ప్రకటిస్తారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అదే జరిగింది. అలాంటప్పుడు ఆ దారి మానుకోవాలే తప్ప గుడ్లు సంచిలో దాచి తేవడం క్షమించరాని పని.

తెచ్చినవాటిని 30 రోజులు పాత మందకు దూరంగా ఉంచి, ముందు పాత మందకు మేత వేసి, కొత్తవాటి దగ్గరకు ఆఖరున వెళ్లాలి. గూళ్లు కనీసం మూడు కట్టాలి. ప్రతి తరంలో పెట్టపిల్లలు పుట్టిన గూటిలోనే ఉంటాయి, పుంజుపిల్లలు పక్క గూటికి మారతాయి. అసీల్‌కైతే ఒక పుంజుకు ఐదారు పెట్టలకు మించొద్దు, పుంజులను ఎదురెదురు గూళ్లలో ఒకదానికొకటి కనిపించేలా పెట్టొద్దు.