87 పరీక్షల ‘ఫుల్ బాడీ చెకప్’: ఏమి కొలిచింది, ఏమి వదిలేసింది

విశాఖపట్నంలో ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్లే ఒక డయాగ్నొస్టిక్ సంస్థ వారి ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీని ఈ మధ్య నేనూ, నా భార్యా చేయించుకున్నాము. మనిషికి రెండు వేల రూపాయలకు కాస్త తక్కువ పడింది. సంస్థ పేరు రాయడం లేదు; ఇదే ధరలో దొరికే మరికొన్ని ప్యాకేజీల జాబితాలు కూడా చదివాను, అవి ఇంచుమించు ఇదే అచ్చులో ఉన్నాయి కనుక పేరు కంటే సరుకు గురించి మాట్లాడుకోవడమే ఉపయోగం. రక్తం తీయడంలో, పరీక్షించడంలో పనితనం బాగుంది. దాన్ని నివేదికగా మార్చి మన చేతిలో పెట్టే తీరు మాత్రం జబ్బు ముప్పు గురించి జనానికి ఉన్న అవగాహనను పెంచేదిగా కాక తికమక పెట్టేదిగా ఉంది.

ముందుగా ఆ 87 అనే అంకె సంగతి. ప్రకటనలో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో కనిపించేది అదే, కొనేవాళ్లు పోల్చుకునేదీ దాన్నే. తీరా జాబితా విప్పి చూస్తే ఒక్క రక్తకణాల లెక్కే, అంటే మనం మామూలుగా సీబీపీ అనే పరీక్షే, ఇరవైకి పైగా పరీక్షలుగా విడిపోయి కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ ఒకటి, ఎర్రకణం సగటు పరిమాణం ఒకటి, ఆ కణంలోని హిమోగ్లోబిన్ సగటు మరొకటి, ఇలా. యంత్రం వీటన్నిటినీ ఒకే ట్యూబు నుంచి ఒకేసారి చెబుతుంది. మూత్ర పరీక్షలో రంగు కూడా ఒక పరీక్షే, ‘లేత పసుపు’ అన్నది దాని ఫలితం. కొలెస్టరాల్‌ను హెచ్‌డీఎల్‌తో, అంటే ‘మంచి’ కొలెస్టరాల్‌తో, భాగిస్తే వచ్చే నిష్పత్తి వంటివి ఏ రసాయనమూ అవసరం లేని భాగహారాలు, వాటికీ జాబితాలో వరుస సంఖ్య ఉంది. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కాని 87 పరీక్షలు 60 పరీక్షల కంటే ఎక్కువ రక్షణ ఇస్తాయనుకొని కొనేవారు నిజానికి కొంటున్నది ఎక్కువ వరుసలున్న కాగితాన్ని.

రక్తం తీసుకోవడానికి వచ్చిన కుర్రాడి పని మెచ్చుకోదగినది. చెప్పిన సమయానికి వచ్చాడు, “పరగడుపునే ఉన్నారు కదా అంకుల్, కాఫీ కూడా తాగలేదు కదా?” అని అడిగి నిర్ధారించుకున్నాకే చేతికి పట్టీ కట్టాడు. సూది ప్యాకెట్టును మా ఎదుటే చించాడు. ట్యూబుల మీద బార్‌కోడ్ అంటించేటప్పుడు మా పేరు, వయస్సు మా నోటితోనే చెప్పించుకున్నాడు. దంపతులు ఒకేసారి రక్తం ఇచ్చే ఇళ్లలో నమూనాలు తారుమారు కాకుండా కాపాడేది ఈ చిన్న పద్ధతే. షుగర్‌కు బూడిదరంగు మూత ఉన్న ట్యూబును వేరుగా వాడాడు. దానిలో ఉండే సోడియం ఫ్లోరైడ్, బయటికి తీసిన రక్తంలోని కణాలు గ్లూకోజును తినేయకుండా ఆపుతుంది. అది లేని ట్యూబులో రక్తాన్ని అలాగే వదిలేస్తే గ్లూకోజు గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గుతుంది కనుక, నగరం నలుమూలలా తిరిగి మధ్యాహ్నానికి ల్యాబ్ చేరే నమూనాకు ఈ జాగ్రత్త తప్పనిసరి. ఇంటి వద్ద రక్తం ఇచ్చేవారు మూతల రంగులను ఓ కంట గమనించడం మంచిది. ల్యాబ్‌కు పరీక్షశాలల నాణ్యతను చూసే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉంది, ఆ ముద్ర నివేదిక మీద ఉంది. అయితే ఆ గుర్తింపును పరీక్షల వారీగా ఇస్తారు కనుక, ఏయే పరీక్షలకు వర్తిస్తుందో ఆ సంస్థ పరిధి జాబితాలో చూసుకోవాలి.

సాయంత్రానికి నివేదిక ఫోనుకు వచ్చింది. ఇబ్బంది ఇక్కడ మొదలైంది. పరిధి దాటిన ప్రతి అంకెనూ ఎర్ర అక్షరాలలో అచ్చువేసి, మొదటి పేజీలో ఒక మనిషి బొమ్మ గీసి, కాలేయం, మూత్రపిండాలు, థైరాయిడ్ ఉన్న చోట్ల రంగు చుక్కలు పెట్టారు. ఈ ఎరుపు రంగు రెండు వేర్వేరు సంగతులను ఒకే గాటన కట్టేస్తుంది. చాలా పరీక్షలలో ‘సాధారణ పరిధి’ అంటే ఆరోగ్యవంతులైన వందమందిలో నడిమి 95 మంది అంకెలు పడే హద్దు. తక్కిన ఐదుగురూ ఆరోగ్యవంతులే, హద్దుకు అటూ ఇటూ ఉన్నారంతే. కనుక ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయించుకున్న ఏ రోగమూ లేని మనిషికి కూడా కనీసం ఒక్క ఎర్ర అంకె వచ్చే అవకాశం 64 శాతం ఉంటుంది. దీనికి భిన్నంగా, పరగడుపు షుగర్ 126, కొన్ని నెలల షుగర్ తీరును చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 వంటి హద్దులు ఆరోగ్యవంతుల సగటును చూసి గీసినవి కావు. ఆ అంకె దాటినవారిలో కంటికీ, మూత్రపిండాలకూ, నరాలకూ ముప్పు పెరుగుతుందని గమనించి గీసినవి. మొదటి రకం ఎరుపును చాలాసార్లు పట్టించుకోనక్కరలేదు, రెండో రకాన్ని వాయిదా వేయకూడదు. నివేదికలో ఈ తేడా ఎక్కడా కనిపించదు. నా ఎర్రకణాల పరిమాణం హద్దు కంటే పిసరంత తక్కువగా ఉండడమూ, ఎల్‌డీఎల్ అనే ‘చెడు’ కొలెస్టరాల్ గణనీయంగా ఎక్కువగా ఉండడమూ ఒకే రంగులో, ఒకే పరిమాణంలో, పక్కపక్క పేజీలలో ఉన్నాయి.

నా భార్య నివేదిక ఇంకా మంచి ఉదాహరణ. హిమోగ్లోబిన్ 9.8, పరగడుపు షుగర్ 92, హెచ్‌బీఏ1సీ 6.0. ఈ చివరి అంకె 5.7కూ 6.4కూ నడుమ ఉంది కనుక ‘ప్రీడయాబెటిస్’ అని ఎర్రగా రాశారు. హెచ్‌బీఏ1సీ అంటే ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందన్న కొలత. ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నవారిలో ఆ కణాలు ఎక్కువ కాలం తిరుగుతాయి కాబట్టి, షుగర్ పెరగకపోయినా ఈ కొలత పెరిగినట్లు కనిపించవచ్చు. రక్తహీనత కూడా అదే నివేదికలో మూడు పేజీల ముందు ఎర్రగా ఉంది. రెండింటినీ కలిపి చదివే మనిషి మాత్రం ఈ సేవలో లేరు. మరునాడు ఫోను చేసిన ‘డైటీషియన్’ అన్నం తగ్గించి రాగులు, కొర్రలు తినమన్నారు గాని హిమోగ్లోబిన్ ఊసే ఎత్తలేదు. మా ఫిజీషియన్ ఆ రెండు అంకెలూ చూసి, ముందు ఇనుము లోపాన్ని సరిచేసి తరువాత షుగర్ మళ్లీ చూద్దామన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో (2019-21) దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అలాంటి దేశంలో ఈ రెండు పరీక్షలనూ కలిపి అమ్ముతూ, నివేదిక అడుగున ఒక్క వాక్యం రాయకపోవడాన్ని చిన్న లోపమని సరిపెట్టుకోలేము.

ఆ ఫోను కాల్‌కు ఇంకొక ప్రయోజనం కూడా ఉందని కాసేపటికి తెలిసింది. మరికొంత కడితే ‘ప్లాటినమ్’ ప్యాకేజీలో క్యాన్సర్ పరీక్షలు కూడా వస్తాయన్నారు. అవి సీఈఏ, సీఏ 125 అనే రక్త పరీక్షలు. క్యాన్సర్ ఉందని తేలినవారిలో చికిత్స ఎలా సాగుతోందో చూడటానికి వీటికి విలువ ఉంది. ఏ లక్షణమూ లేనివారిలో క్యాన్సర్‌ను వెతకడానికి వీటిని సిఫారసు చేయరు. పొగ తాగేవారిలో సీఈఏ పెరుగుతుంది. నెలసరిలో, గర్భంతో ఉన్నప్పుడు, గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు ఉన్నప్పుడు సీఏ 125 పెరుగుతుంది. అంకె మామూలుగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదనీ చెప్పలేము. ఉన్నా లేకపోయినా ఏదీ తేల్చని పరీక్షను ‘ముందు జాగ్రత్త’ అని అమ్మడం నాకు నచ్చలేదు, వద్దన్నాను.

ఇక వదిలేసిన వాటి విషయం. 87 పరీక్షలలో రక్తపోటు లేదు! షుగర్, బీపీ వంటి జబ్బులపై దేశమంతటా జరిగిన ఐసీఎమ్‌ఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రచురించిన లెక్క ప్రకారం దేశంలో 20 ఏళ్లు దాటిన వారిలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. ఇంటికి వచ్చే మనిషి సంచిలో ఒక బీపీ మిషను పెట్టి, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తున బల్ల మీద ఆనించి రెండుసార్లు కొలిస్తే సరిపోయే పని. అది లేకుండానే నివేదికలో ‘గుండె ముప్పు’ అని ఒక విభాగం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సవరించిన గుండె ముప్పు పట్టికలలో వయస్సు, స్త్రీపురుష భేదం, పొగ అలవాటు, పై రక్తపోటు (బీపీ రెండు అంకెల్లో పెద్దది), షుగర్ జబ్బు, కొలెస్టరాల్ కలిపి చూస్తారు. రక్త పరీక్ష వీలుకాని చోట షుగర్, కొలెస్టరాల్ బదులు ఎత్తు-బరువుల నిష్పత్తితో (బీఎమ్ఐ) లెక్కకట్టే పట్టికలూ ఉన్నాయి గాని, రక్తపోటు లేకుండా లెక్కకట్టే పట్టిక లేదు. మమ్మల్ని పొగ గురించి ఎవరూ అడగలేదు, నడుము చుట్టుకొలత ఎవరూ తీయలేదు. బుకింగ్‌లో చెప్పిన ఎత్తు, బరువులతో నా బీఎమ్ఐ 24.6 అని లెక్కగట్టి ‘సాధారణం’ అన్నారు; భారతీయులకు వైద్యులు వాడే హద్దుల ప్రకారం 23 దాటితే చాలు, అధిక బరువే.

ఇవే పనులు వేరొక చోట ఎలా జరుగుతాయో చూసే వీలు కలిగింది కనుక ఆ పోలిక కూడా రాస్తున్నాను. శ్రీకాకుళం జిల్లా తీరంలోని మా ఊరిలో పెద్దమ్మను విలేజ్ హెల్త్ క్లినిక్‌కు తీసుకువెళ్లాను. 30 ఏళ్లు దాటినవారందరికీ బీపీ, షుగర్‌లతో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష ఉచితంగా చేయాలన్నది జాతీయ కార్యక్రమం. మొదటి మెట్టు ఆశా కార్యకర్త నింపే ఒక ప్రశ్నాపత్రం. వయస్సు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అన్న ప్రశ్నలకు మార్కులు ఉంటాయి. మొత్తం 4 దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. మానని నోటి పుండు, రొమ్ములో గడ్డ, రెండు వారాలు దాటిన దగ్గు వంటివి వేరే భాగంలో అడుగుతారు.

“మామ్మా, అడ్డచుట్ట ఇంకా కాలుస్తున్నావా?” అని ఆశా కార్యకర్త అడిగిన తీరులోనే ఊరు తెలిసిన మనిషి కనిపించింది. “తగ్గించీసినాను తల్లీ,” అన్నది పెద్దమ్మ. ‘తగ్గించీసినాను’ అంటే మానలేదని అర్థం చేసుకొని ఆమె ఆ గడిలో పూర్తి మార్కులే వేసింది. మా తీరంలో ఆడవాళ్లకు చుట్టను వెలిగించిన వైపు నోటిలో పెట్టుకొని కాల్చే అలవాటు తరాలుగా ఉంది. ఆ సెగకూ, పొగకూ అంగిలి మీద క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ. అందుకే అక్కడి ఎంఎల్‌హెచ్‌పీ, అంటే క్లినిక్ నడిపే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది, పెద్దమ్మ నోరు తెరిపించి టార్చి వేసి, బుగ్గలు, నాలుక కింద చూడటంతో ఆగకుండా, తల వెనక్కి వాల్పించి అంగిలిని ప్రత్యేకంగా చూసింది. అంగిలి తెల్లబారి ఉందనీ, పుండు లేదనీ, దంతవైద్యుడికి చూపించాలనీ రాసి ఇచ్చింది. ఏ ‘ప్లాటినమ్’ ప్యాకేజీ రక్తపు చుక్కా ఈ సంగతి చెప్పలేదు. తిరువనంతపురంలో జరిగి 2005లో ఫలితాలు వెలువడిన పెద్ద అధ్యయనంలో, పొగాకు లేక మద్యం అలవాటున్నవారి నోటిని ఇలా కంటితో పరీక్షించడం వల్ల నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. ముంబైలో టాటా మెమోరియల్ వారు సుమారు లక్షన్నర మంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో, ఆరోగ్య కార్యకర్తలే వెనిగర్ వంటి పలుచని ఎసిటిక్ ఆమ్లం అద్ది గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్షించగా ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

అయితే ఆ క్లినిక్‌నూ తప్పులెన్నక తప్పదు. అప్పుడే ఎండలో నడిచివచ్చిన పెద్దమ్మకు వచ్చీరాగానే బీపీ కొలిచారు. పై అంకె 168 వచ్చింది, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూడమని నేను అడిగాకే రెండోసారి చూశారు, 150 వచ్చింది. రెండూ అధిక రక్తపోటు హద్దయిన 140కి పైనే కనుక జబ్బు విషయంలో తేడా రాలేదు గాని, అంచున ఉన్న మనిషికైతే ఆ తొందర అనవసరమైన మాత్రలు తెచ్చిపెట్టగలదు. ఆడవాళ్ల పరీక్షకు చాటు లేదు. గర్భాశయ ముఖద్వార పరీక్షకు పీహెచ్‌సీకి వేరే రోజు రమ్మన్నారు. అలా రమ్మన్నవారిలో ఎందరు వెళతారో ఊహించడం కష్టం కాదు: పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత నాటికి దేశంలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు 1.9 శాతం. బీపీ మాత్రలు మాత్రం నెలకు సరిపడా అక్కడికక్కడే ఇచ్చారు.

కాబట్టి ప్యాకేజీ ఎవరికి పనికొస్తుందంటే, ఫలితాలను కూర్చొని చదివే వైద్యుడు ముందే ఉన్నవారికి. రెండు వేలకు అన్ని పరీక్షలు రావడం అలాంటివారికి చవకే. పాత పన్ను విధానంలో ఉన్నవారు ఆరోగ్య బీమా మినహాయింపు మొత్తం పరిమితికి లోబడి ముందస్తు ఆరోగ్య పరీక్షల ఖర్చును 5,000 రూపాయల వరకు చూపించుకునే వీలూ ఉంది, రసీదు అడిగి తీసుకోవాలి. వైద్యుడు లేకుండా నివేదిక ఒక్కటే చూసుకొని ధైర్యపడాలనో భయపడాలనో అనుకునేవారికి మాత్రం నేను సిఫారసు చేయను. వారు బీపీ, నడుము కొలత, పరగడుపు షుగర్, కొలెస్టరాల్, నోటి పరీక్ష, స్త్రీలైతే గర్భాశయ ముఖద్వార పరీక్ష, రొమ్ము పరీక్ష చేయించుకుంటే డబ్బూ తక్కువవుతుంది, వచ్చిన జవాబు మీద చేయవలసిన పనీ స్పష్టంగా ఉంటుంది. ఇప్పటికే షుగర్ ఉన్నవారు ఏటా ఇదే ప్యాకేజీ తీసుకొని అన్నీ చూపించుకున్నామనుకోవడం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే వారికి ఏడాదికోసారి తప్పక కావలసిన మూడు పరీక్షలు, అంటే మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, కంటి రెటీనా పరీక్ష, పాదాల స్పర్శ పరీక్ష, ఈ 87లో ఒక్కటీ లేవు.