టార్క్ రెంచి: ఆరేళ్ళు వాడాక ఆ "టక్" గురించి నా మాట

ఇంట్లో బైక్ ఇంజిన్ ఆయిల్ ఎలా మార్చుకోవాలో చెప్పే పోస్ట్ కాదిది, ముందే చెప్పేస్తున్నా. అదంతా అందరికీ తెలిసిందే, బోల్ట్ విప్పు, పాతది దించు, ఫిల్టర్ మార్చు, కొత్తది పొయ్యి, అయిపోయింది. నేను రాస్తున్నది ఆ పనంతటిలో మహా అయితే పది సెకన్లు చేతిలో ఉండే ఒక వస్తువు గురించి, టార్క్ రెంచి, అంటే బోల్ట్ ఎంత గట్టిగా బిగించాలో అంకె పెడితే అంత బిగువు రాగానే చప్పుడు చేసి చెప్పే స్పానర్. ఇంకా సూటిగా అడిగితే అది చేసే "టక్" అనే చప్పుడు గురించి. మూడేళ్ళు ఆ చప్పుడుని గుడ్డిగా నమ్మా. తర్వాత మూడేళ్ళు నమ్ముతున్నా కానీ గుడ్డిగా కాదు, మధ్యలో ఒక ఆదివారం పొద్దున ఉంది, దాని గురించే ఈ సోదంతా.

నాదసలు చెయ్యి బరువు. చిన్నప్పుడు సైకిల్ సీటు బోల్ట్ నుంచి నీళ్ళ ట్యాప్ దాకా నేను బిగించాక ఇంకొకళ్ళు విప్పలేరు అని ఇంట్లో పేరు. అందుకే సొంతంగా ఆయిల్ మార్చడం మొదలుపెట్టినప్పుడు ఆయిల్, ఫిల్టర్ కన్నా ముందు కొన్నది టార్క్ రెంచే. ఇంజిన్ కేసు అల్యూమినియం, బోల్ట్ స్టీలు, రెండిటికీ గొడవైతే ఓడిపోయేది అల్యూమినియమే అని తెలుసు. నా బండి మాన్యువల్లో డ్రెయిన్ బోల్ట్ కి, అంటే పాత ఆయిల్ దించడానికి విప్పే బోల్ట్ కి, 30 న్యూటన్ మీటర్లు (బిగువుకి కొలత) అని ఉంది. నేను కొన్న రెంచి హాఫ్ ఇంచ్ ది, అంటే సాకెట్ తొడిగే చదరపు మొన అర అంగుళం, దాని మీద గీతలు 28 నుంచి 210 దాకా. 30 అనేది 28 కీ 210 కీ మధ్యలోనే కదా, ఇంకేం కావాలి? వెనక చక్రం యాక్సిల్ నట్టుకి కూడా ఇదే పనికొస్తుంది, ఒక్కటి కొంటే రెండు పనులు అనుకున్నా, తెలివిగా కొన్నానని మురిసిపోయా కూడా.

మొదటి మూడేళ్ళూ నిజంగానే పొగిడా దీన్ని. కనపడినవాడికల్లా చెప్పా. మా తమ్ముడు తన బండికి ఇలాంటిదే కొంటానంటే కళ్ళు మూసుకుని కొనెయ్యి అన్నా. హ్యాండిల్ తిప్పి అంకె పెట్టడం, లాక్ చెయ్యడం, మెల్లగా లాగడం, టక్, ఇక ఆపెయ్యడం. ఎనిమిది సార్లు ఆయిల్ మార్చా, ఒక్క చుక్క కారలేదు. విప్పినప్పుడు పాత వాషర్ చూసేవాణ్ణి, కాగితంలా పలచగా నలిగి ఉండేది, అబ్బా ఎంత బాగా కూర్చుందో అనుకునేవాణ్ణి. ఆ వాషర్ నాకేదో చెప్తోందని అప్పట్లో తట్టలేదు. విప్పడానికి కూడా ప్రతిసారీ కాస్త గట్టిగానే లాగాల్సొచ్చేది, అదీ పట్టించుకోలా.

తొమ్మిదోసారి చలికాలం. రెంచి నాలుగు నెలల నుంచి డబ్బాలోనే ఉంది, అది కూడా యాక్సిల్ కోసం పెట్టిన 80 దగ్గరే వదిలేసా, వాడాక అన్నిటికన్నా కింది గీతకి దించి పెట్టాలని తెలిసీ బద్ధకం. ఇంజిన్ రెండు మూడు నిమిషాలు తిప్పి గోరువెచ్చగా చేసి ఆయిల్ దించేసా, కొత్త వాషర్ వేసా, బోల్ట్ చేత్తోనే మూడు నాలుగు చుట్లు ఎక్కించా, ఇంతవరకూ అంతా పద్ధతి ప్రకారమే. పక్కన నీళ్ళ మోటర్ ఆడుతోంది, చెవికి వేరే ఏదీ వినపడట్లేదు. రెంచి 30 కి తెచ్చి లాగా. బిగుసుకుంటోంది. ఇంకా లాగా. టక్ రాలేదు. తమ్ముడు పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డాడు, "అన్నా, టక్ మందా?" అన్నాడు, లేదురా ఇంకా, అన్నా. అప్పటికే నా చెయ్యి చెప్తోంది, రోజూ కన్నా ఎక్కువైంది ఆపరా బాబూ అని. కానీ చప్పుడు రాలేదు కదా, చేతిని నమ్మలేకే కదా ఇది కొన్నది, అని ఇంకో పావు చుట్టు లాగా.

అప్పుడు ఆ బిగువు ఒక్కసారిగా పోయింది. విరిగిన చప్పుడేం లేదు, గట్టి దెబ్బేం లేదు, వెన్నముద్దలో వేలు దిగినట్టు మెత్తగా తిరిగిపోయింది అంతే. థ్రెడ్, అంటే బోల్ట్ పట్టుకునే మర, పోయిన అనుభవం ఉన్నవాళ్ళకి ఆ మెత్తదనం గుర్తుండే ఉంటుంది, కడుపులో ఏదో జారినట్టుంటుంది. బోల్ట్ వెనక్కి తిప్పితే ఉన్న పళాన ఊడి చేతిలోకొచ్చింది, దాని చుట్టూ సన్నటి స్ప్రింగులా ఒక వెండిరంగు తీగ. ఆ తీగే నా ఇంజిన్ కేసులోని మర. తమ్ముడు దాన్ని టార్చి వెలుతుర్లో చూసి ఏం మాట్లాడలేదు, అదే ఇంకా బాధనిపించింది.

అదృష్టం ఏంటంటే కొత్త ఆయిల్ ఇంకా పొయ్యలేదు. పోశాక అయ్యుంటే నేల మీద లీటరు పారేది.

రిపేర్ గురించి పొట్టిగా చెప్తా. ఆ సైజుకి, అంటే 12 మిల్లీమీటర్ల బోల్ట్, 1.5 పిచ్ (మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) కి థ్రెడ్ ఇన్సర్ట్ కిట్ తెప్పించా. రంధ్రం కాస్త పెద్దది చేసి, ట్యాప్ అనే పనిముట్టుతో కొత్త మర కోసి, అందులోకి స్టీలు తీగ చుట్టని ఎక్కించడం. భయమంతా అల్యూమినియం రజను లోపలికి పోతుందనే, అందుకని ట్యాప్ గాడుల నిండా గ్రీజు పూసి రెండేసి చుట్లకోసారి బయటికి తీసి తుడిచి మళ్ళీ పెట్టా, చివర్లో పై నుంచి అర లీటరు ఆయిల్ పోసి కింద నుంచి వదిలేసా కడిగినట్టు. రెండు ఆదివారాలు పోయాయి. ఒక తమాషా ఏంటంటే ఇప్పుడున్న మర స్టీలుది, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అల్యూమినియం మర కన్నా గట్టిది. ఇది ముందే తెలిసుంటే అంత ఏడ్చేవాణ్ణి కాదేమో.

కోపం మాత్రం చల్లారలేదు, ఎవరి మీదో తేల్చుకోవాలి కదా. రెంచి డబ్బా వెతికితే అడుగున మడత పెట్టిన ఒక కాగితం, మూడేళ్ళలో ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. టెస్ట్ సర్టిఫికెట్ అది. అందులో మూడే అంకెలు: 42, 126, 210. అంటే 210 లో 20 శాతం, 60 శాతం, 100 శాతం. ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం అని వాళ్ళు చెప్పుకునే కచ్చితత్వం ఆ మూడు చోట్ల పరీక్షించిందే. ఐఎస్ఓ 6789 అనే ప్రమాణం ఉందట, టెస్ట్ పద్ధతి దాని ప్రకారమే. మరి రెంచి మీద గీతలేమో 28 నుంచి మొదలు. 28 కీ 42 కీ మధ్యలో గీతలున్నాయి కానీ వాటి గురించి ఆ కాగితం ఒక్క ముక్క మాట్లాడదు. నా బోల్ట్ సరిగ్గా ఆ మాట్లాడని చోట ఉంది!

కాగితం చదివి ఊరుకోబుద్ధి కాలేదు, తేల్చేద్దామని బకెట్ తెచ్చా. ఇది ఎవరైనా చెయ్యొచ్చు. ఒక పాత బోల్ట్ ని వైస్ లో కదలకుండా బిగించి, దానికి సాకెట్ తో రెంచి తొడిగి, హ్యాండిల్ నేలకి సమానంగా ఉండేట్టు పెట్టి, పట్టు మధ్యలో బకెట్ వేలాడదీసి మెల్లగా నీళ్ళు పొయ్యడమే. నా రెంచికి సాకెట్ మధ్య నుంచి పట్టు మధ్యకి 40 సెంటీమీటర్లు. కిలో బరువుకి 9.8 న్యూటన్లు, దాన్ని 0.4 తో గుణిస్తే కిలోకి దాదాపు 3.9 న్యూటన్ మీటర్లు. కాబట్టి 30 కి బకెట్ తో కలిపి ఏడున్నర కిలోల చిల్లర దగ్గర టక్ మనాలి. రెంచి సొంత బరువు కూడా లాగుతుంది కాబట్టి ఇంకాస్త ముందే మనాలి.

ఏడున్నర దాటింది, చప్పుడు లేదు. తొమ్మిది, పది, తమ్ముడు మగ్గుతో పోస్తూనే ఉన్నాడు. 12 కిలోల దగ్గర టక్ మంది. అంటే 47, రెంచి బరువు కలిపితే 50. నేను అడిగింది 30! మళ్ళీ అదే చేస్తే రెండోసారి పదిన్నర దగ్గర, మూడోసారి తొమ్మిదిన్నర దగ్గర, ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా తొమ్మిదిన్నరే. అంటే చాలా రోజులు డబ్బాలో పడున్నాక లోపలి గ్రీజు గడ్డకట్టినట్టై మొదటి టక్కు అన్నిటికన్నా ఆలస్యంగా వస్తోంది. వాడే ముందు మధ్య అంకె పెట్టి నాలుగైదు సార్లు ఊరికే టక్కు టక్కు మనిపించాలని పెద్ద మెకానిక్కులు అనేది దీనికేనన్నమాట. అదే రెంచిని 80 లో పెట్టి చూస్తే 20 కిలోల దగ్గర ఠంచనుగా టక్ మంది, అంటే దాని చోట అది నిజాయితీగానే ఉంది. పనికిమాలిన వస్తువని తిట్టేద్దామని కూర్చున్నవాణ్ణి, తిట్టలేకపోయా.

దానికన్నా బాధ, లెక్క వెనక్కి వేసుకుంటే ఆ ముందు ఎనిమిది సార్లు కూడా నేను బిగించింది 30 కాదు, 40 కి అటూ ఇటూ. ప్రతిసారీ కొంచెం కొంచెం మర సాగుతూ వచ్చింది, తొమ్మిదోసారి ఊడింది. మర మీద ఆయిల్ తడి ఉంటే రాపిడి తగ్గుతుంది కాబట్టి అదే అంకెకి బోల్ట్ ఇంకా ఎక్కువ లాక్కుంటుంది, డ్రెయిన్ బోల్ట్ అన్నాక తడి లేకుండా ఎక్కడుంటుంది. కాగితంలా నలిగిన వాషర్లు గుర్తొచ్చాయి. "ఒక్క చుక్క కారలేదు" అని పైన రాసా కదా, అవును కారలేదు, ఎందుకు కారలేదో ఇప్పుడు తెలిసింది.

ఆ తర్వాత కొన్నది త్రీ బై ఎయిట్ ది, 10 నుంచి 60. దాని కాగితంలో 12, 36, 60 అని ఉంది, కొనేముందే అడిగి చూసుకున్నా ఈసారి. నా 30 నట్ట నడిమిలో పడుతుంది. మూడేళ్ళలో తొమ్మిది సార్లు వాడా. ఇప్పుడు విప్పితే వాషర్ నలుగుతుంది కానీ కాగితం అవ్వట్లేదు, బోల్ట్ కూడా చిన్న రింగు స్పానర్ తో మర్యాదగా కదులుతుంది. బాగుంది. బాగుంది అంటూనే రెండు మాటలు. పెద్దదాని టక్కు చెవికి వినపడేది, దీనిది మణికట్టుకి తెలియాలి, చిన్న వణుకులా ఉంటుంది, ధ్యాస ఎటో ఉంటే దాటిపోతుంది. దాటిపోతే రెంచి ఆపదు, అదేం బ్రేకు కాదు, చెప్పి ఊరుకుంటుంది, లాగేవాడు లాగుతూనే ఉండొచ్చు. ఇంకోటి, గీతల మధ్య అంకెలు నూనె చేతుల్తో, బండి కింద వంగి, అస్సలు కనపడవు, నేను నిలబడి వెలుతుర్లో సెట్ చేసుకునే వంగుతా. సైలెన్సర్ పైపు అడ్డొస్తుందని నిటారు ఎక్స్‌టెన్షన్ రాడ్ వేస్తా, దానివల్ల అంకె మారదు, పక్కకి సాగే రకం వేస్తేనే లెక్క మారుతుంది.

దీన్ని పెట్టి బోల్ట్ విప్పొద్దు, తమ్ముడు ఒకసారి విప్పబోతే చేతిలోంచి లాక్కున్నా.

ఇంతకీ కొనాలా అంటే... నాది బరువు చెయ్యి, నాకు కావాలి. ఏటా వందల బోల్టులు బిగించే మెకానిక్ చెయ్యి వేరు, ఆయన పొట్టి స్పానర్ ని మధ్యలో పట్టుకుని వేళ్ళతో బిగిస్తే అదే సరిపోతుంది, నేను అలా చెయ్యలేను. ఆర్నెల్లకోసారి ఆయిల్ మార్చేవాళ్ళకి టక్కు రకం కన్నా ముల్లు వంగి చూపించే పాత రకం బీమ్ రెంచి నయమేమో అని కూడా ఈ మధ్య అనిపిస్తోంది, దాంట్లో స్ప్రింగు సెట్ చేసేది లేదు, వాడాక దించేది లేదు, బిగువు ఎంతయిందో కళ్ళ ముందే కనపడుతుంది, కాకపోతే ముల్లుకి ఎదురుగా కన్ను పెట్టాలి, నా బండికి బోల్ట్ ఉన్న చోట అది కుదరదు. సెంటర్ స్టాండు ఉండి బోల్ట్ పక్కకి తిరిగి ఉన్న బండైతే కుదరొచ్చు. ఇప్పుడు నా కేసులో స్టీలు మర ఉంది కాబట్టి నా చిన్న రెంచి ఎంత మంచిదో నిజంగా పరీక్షే జరగట్లేదు అని తమ్ముడు వెక్కిరిస్తాడు, వాడన్నదాంట్లోనూ నిజముంది.

పెద్ద రెంచిని పారెయ్యలేదు. యాక్సిల్ కి అదే వాడుతున్నా, ఇద్దరి బళ్ళకీ. వాడే ముందు అయిదుసార్లు ఊరికే లాగడం, వాడాక 28 కి దించడం, ఇప్పుడు అలవాటైంది. హ్యాండిల్ మీద మార్కర్ తో "42 కింద వద్దు" అని రాసిపెట్టా, నూనె చేతులకి సగం చెరిగిపోయి "42" ఒక్కటే మిగిలింది, వచ్చే ఆదివారం మళ్ళీ రాయాలి.